‘రిలే అంటుకునింది’ అంటే కాలిందా, అతుక్కునిందా?

తిరుపతి నుంచి:
రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి, విడదీసే స్విచ్చి. మన షెడ్లలో ‘రిలే అంటుకునింది’ అన్న మాటను రెండు రకాలుగా వాడతా ఉండారు. మంట లేచిందని ఒకరు, పాయింట్లు (రిలే లోపల తగిలి, విడిపోయే వెండి మొనలు) అతుక్కుపోయి హెడ్‌లైట్ ఆరడం లేదని ఇంకొకరు. జాబ్ కార్డులో ఏమని రాస్తే తికమక ఉండదు?

చిత్తూరు నుంచి:
రెండోదానికి ‘కరుచుకునింది’ అని రాయండన్నా. ‘కాలింది’ వేరు. పాయింట్లు విడిపోయేటప్పుడు ఆర్క్ (సందులో గాలి గుండా కరెంటు పారే వెలుగు) లేచి వెండి కొంచెం కొంచెంగా ఎగిరిపోతే గుంటలు పడతాయి, మసి పడుతుంది. అది కాలడం. కరుచుకునేది ఎక్కువగా మూసుకునేటప్పుడు. పాయింటు పోయి తగిలి ఒకటి రెండు సార్లు ఎగురుతుంది. ఆ సందులోనే ఆర్క్ పుట్టి వెండిని కరిగిస్తుంది. కరిగినదాని మీదే పాయింటు వచ్చి కూర్చుంటుంది, చల్లారితే వెల్డింగే. 12 ఓల్టుల దగ్గర 55 వాట్ల బల్బు వెలిగాక లాగేది 4.6 ఆంపియర్లే. ఫిలమెంటు చల్లగా ఉన్న తొలి క్షణంలో మాత్రం పది రెట్ల దాకా లాగుతుంది. రిలే మీద 30 ఆంపియర్లని ఉంది కదా అని 100 వాట్ల బల్బులు రెండు తగిలిస్తే కరుచుకోక ఏమవుతుంది?

రేణిగుంట నుంచి:
ఆర్క్‌ను ‘నిప్పురవ్వ’ అని మాత్రం రాయొద్దు సార్. రవ్వ ఎగిరి ఆరిపోతుంది, ఆర్క్ నిలబడుతుంది. పుస్తకాల్లోని ‘విద్యుత్ చాపం’ మంచి మాటే, విల్లులా వంగే వెలుగు కాబట్టి. షెడ్లో ‘ఆర్క్’ అంటేనే తెలుస్తుంది. వెండి పాయింట్ల మధ్య అది నిలబడాలంటే సుమారు 12 ఓల్టులు, 0.4 ఆంపియర్లు చాలు. ఇంజిన్ తిరిగేటప్పుడు కారులో 14 ఓల్టులు, లారీలో 28. లారీలో ఆర్క్ మొండిగా ఉండేది అందుకే.

తిరుపతి నుంచి:
బల్బు సరైనదే అయినా కరుచుకుంటే?

చిత్తూరు నుంచి:
పాయింట్లను లాగే కాయిల్‌కు (తీగచుట్టకు) అడ్డంగా వట్టి డయోడ్ (కరెంటును ఒక్క వైపే పోనిచ్చేది) ఉందేమో చూడండి. దాంతో కాయిల్ పట్టు మెల్లగా సడలుతుంది, పాయింట్లూ మెల్లగా విడిపోతాయి. ఆర్క్ ఎక్కువ సేపు ఉంటుంది, చిన్న అతుకును తెంచే ఊపు ఉండదు. డయోడ్‌కు వరసలో జీనర్ (ఓల్టేజి ఒక హద్దు దాటితే ఎదురు దిశలోనూ పోనిచ్చే డయోడ్) కలపండి, లేదా 12 ఓల్టుల కాయిల్‌కు డయోడ్ బదులు 680 ఓముల రెసిస్టర్ పెట్టండి.

పరీక్షకు రిలే పీకి, పాయింట్లకు పోయే 30, 87 కాళ్ల మధ్య మల్టీమీటర్‌ను బీప్ (కంటిన్యుటీ) మీద పెట్టాలి. కాయిల్ కాళ్లైన 85, 86కు ఏమీ ఇవ్వకుండానే మోగితే కరుచుకునింది. కాలినదైతే లోడ్ మీద, అంటే బల్బు వెలుగుతా ఉండగా, 30, 87 మధ్య ఓల్టేజి చూడాలి. అర ఓల్టు పడిందంటే పాయింట్లు పోయినట్టే. తట్టితే విడిపోయిన రిలేను మళ్లీ పెట్టొద్దు, ఎమరీ కాగితంతో అసలు రుద్దొద్దు.

రేణిగుంట నుంచి:
బ్యాటరీ కార్లలోని పెద్ద రిలే, అంటే కాంటాక్టర్‌కూ ఇదే మాట సరిపోతుంది. ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చేది) కెపాసిటర్ ఖాళీగా ఉండగా మూస్తే కరెంటు ఒక్కసారిగా ఉరికి కరుచుకుంటుంది. ముందు కరెంటును అదుపులో పెట్టే ప్రీచార్జ్ రెసిస్టర్ ద్వారా కెపాసిటర్‌ను 90 శాతానికి పైగా నింపి, తర్వాతే మూస్తారు.

తిరుపతి నుంచి:
అయితే కార్డులో ఇట్లా రాస్తాం: ‘లో బీమ్ రిలే కరుచుకునింది, పీకినాక కూడా 30, 87 మోగుతాంది.’

చిత్తూరు నుంచి:
బల్బు ఎన్ని వాట్లో, డయోడ్ ఉందో లేదో కూడా ఆ పక్కనే రాయండి.