ఇగ్నిషన్ స్విచ్ ఇంట్లోనే మార్చుకోవచ్చా? స్విచ్ కొనేశాను, ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు

కొత్తచక్రం:
కీతో స్టార్ట్ చేసే పెట్రోల్ కారు, మాన్యువల్ గేరు. సెల్ఫ్ కొడితే ఇంజన్ వెంటనే అందుకుంటుంది. కీ వదలగానే, అది స్టార్ట్ నుంచి ఆన్‌కి వచ్చిన క్షణంలోనే ఆగిపోతుంది. కీని కాస్త పక్కకి నొక్కి పట్టుకుంటే నడుస్తుంది, వదిలితే డాష్ లైట్లతో సహా అన్నీ పోతాయి. బ్యాటరీ 12.6 వోల్టులు ఉంది. కొత్త స్విచ్ తెప్పించాను. కింద కవరు విప్పి మార్చేయడమే అని ఒకరు, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో చెయ్యి పెట్టొద్దని ఇంకొకరు. మీరేమంటారు?

రెండుస్క్రూలు:
మార్చుకోవచ్చు. ఇంతకంటే స్పష్టమైన లక్షణం ఉండదు. స్విచ్‌లోకి బ్యాటరీ కరెంటు ఒక చోట వస్తుంది, అక్కడి నుంచి ఏసీసీ (రేడియో లాంటివాటికి), ఐజీ1, ఐజీ2 (ఇగ్నిషన్‌కి), ఎస్‌టీ (సెల్ఫ్‌కి) అని దారులు విడిపోతాయి. కొన్ని బళ్లలో వీటికి పేర్లు కాకుండా నంబర్లుంటాయి: 30 బ్యాటరీ, 15 ఇగ్నిషన్, 50 సెల్ఫ్. ఆన్ దగ్గర ఆనే కాంటాక్టు కాలి నల్లబడితే సరిగ్గా మీరు చెప్పినట్టే స్టార్ట్‌లో నడిచి, వదలగానే ఆగుతుంది.

పని ఇలా: చక్రాలు నేరుగా పెట్టి బ్యాటరీ మైనస్ తీయండి. స్టీరింగ్ కాలమ్ కవరుకి అడుగున మామూలుగా మూడు స్క్రూలుంటాయి, పొడవులు వేరు కావచ్చు, ఏది ఎక్కడిదో గుర్తుంచుకోండి. టిల్ట్ ఉంటే స్టీరింగ్‌ని పూర్తిగా కిందికి దించితే చోటు దొరుకుతుంది. కవరు రెండు సగాలూ అంచుల్లో క్లిప్పులతో పట్టుకుని ఉంటాయి. వేళ్లతో నొక్కి విడదీయాలి, స్క్రూడ్రైవర్ దూర్చితే చెవులు విరుగుతాయి. కీ పెట్టే బారెల్‌కి అవతలి చివర ప్లాస్టిక్ స్విచ్, దానికి రెండు చిన్న స్క్రూలు. కప్లర్ (వైర్లని స్విచ్‌కి తగిలించే ప్లగ్గు) నాలుక నొక్కి కప్లర్‌నే పట్టుకుని లాగాలి, వైర్లని కాదు. పాతది తీసేటప్పుడు కీ ఏ పొజిషన్‌లో ఉందో కొత్త స్విచ్‌ని కూడా అదే పొజిషన్‌కి తిప్పి పెట్టండి. అంతే. స్టీరింగ్ వీల్ తీయక్కర్లేదు, ఎయిర్‌బ్యాగ్ ముట్టక్కర్లేదు.

ఎర్త్‌వైరు:
ఆ రెండు స్క్రూలు కొన్ని బళ్లలోనే. ఇంకొన్నిటిలో స్విచ్ తీయాలంటే ముందు లాక్ హౌసింగే (బారెల్ కూర్చునే లోహపు పోత) దింపాలి. దానికి వేసేవి తలలు తెగిపోయే బోల్టులు. బిగించేటప్పుడే తల విరిగిపోయేలా చేస్తారు, దొంగలు విప్పకూడదని. వాటిని ఉలితో పక్కకి కొట్టి తిప్పాలి, లేదా మధ్యలో డ్రిల్ వేసి ఎక్స్‌ట్రాక్టర్‌తో తీయాలి. డ్రిల్ జారితే పక్కనున్న హార్నెస్ (వైర్ల కట్ట) చిరుగుతుంది. ప్రశ్న అడిగినవాళ్ల బండి ఏదో తెలియకుండా "అంతే" అనేయడం ఏం పద్ధతి?

రెండుస్క్రూలు:
వాళ్లు స్విచ్ అన్నారు, లాక్ సెట్ అనలేదు.

మాగ్నెటో:
ఏదీ విప్పకముందు బారెల్‌లో కాస్త లూబ్రికెంట్ స్ప్రే కొట్టి చూడొచ్చుగా.

ఎర్త్‌వైరు:
వద్దు మాగ్నెటో గారూ. కీ గట్టిగా తిరుగుతుంటే అది బారెల్ జబ్బు, దానికి పొడి గ్రాఫైట్ చిటికెడు చాలు. ఇక్కడ కీ బాగానే తిరుగుతోంది, కరెంటే పోతోంది. ధారగా కొట్టిన నూనె బారెల్ దాటి స్విచ్‌లోకి దిగితే లోపలి గ్రీజుని కరిగిస్తుంది, దుమ్ముతో కలిసి కాంటాక్టుల మీద పేరుకుంటుంది.

నిదానమేమేలు:
అసలు విషయం ఎవరూ చెప్పలేదు. బ్యాటరీ తీశాక పది నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో కెపాసిటర్ ఉంటుంది. యాక్సిడెంట్‌లో బ్యాటరీ తెగిపోయినా బ్యాగ్ పేలేలా అందులో చార్జి నిలవ ఉంటుంది.

రెండుస్క్రూలు:
పది ఎక్కడిదండీ? టయోటా మాన్యువల్లో 90 సెకన్లు, హోండాలో 3 నిమిషాలు.

నిదానమేమేలు:
ఆ రెండు కంపెనీలే ఉన్నాయా లోకంలో? ఎక్కువసేపు ఆగితే పోయేదేముంది?

రెండుస్క్రూలు:
పోయేదేం లేదు. కానీ "పది నిమిషాలు ఆగాలి" అని నియమంలా రాస్తే జనం అదే పట్టుకుని, ఆగాం కదా ఇక ఏం చేసినా పర్లేదు అనుకుంటారు. ఎంతసేపు ఆగినా ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్లే పసుపుపచ్చ కప్లర్ జోలికి వెళ్లకూడదు, దానికి మల్టీమీటర్ పెట్టకూడదు. ఓమ్స్‌లో పెడితే మీటరే కరెంటు పంపిస్తుంది, దానికి బ్యాగ్ పేలొచ్చు. అది చెప్పండి ముందు.

నిదానమేమేలు:
అదీ చెప్పండి, ఇదీ చెప్పండి. ఆగితే తప్పేంటని అడిగాను, దానికి జవాబు లేదు.

సైడ్‌మిర్రర్:
మీ మాన్యువల్లో ఎంత ఉంటే అంత. తెలియకపోతే పదే ఆగండి. ముందుకు పదండి బాబూ.

ఎర్త్‌వైరు:
నిమిషాల లెక్క తేలిందనుకుంటే, అసలు అడగాల్సింది అడుగుతా. కొత్తచక్రం గారూ, ఆ స్విచ్ పోయిందని ఎలా తేల్చారు? లక్షణం చూసి కొనేశారు కదా?

ఇంజన్ అంటుకుని ఆగిపోవడానికి ఇంకా దారులున్నాయి. ఇమ్మొబిలైజర్ (దొంగ కీతో బండి నడవకుండా ఆపే పరికరం) కీని గుర్తించకపోతే కొన్ని బళ్లు అంటుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతాయి, డాష్ మీద సెక్యూరిటీ లైటు మిణుకుమంటుంది. ఫ్యూయల్ పంప్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) పోయినా అలాంటి వేషాలే. తేడా ఏంటంటే, స్విచ్ అయితే కీ వదిలిన క్షణంలోనే ఆగుతుంది, కీ కదిపితే డాష్ లైట్ల లాంటి మిగతావి కూడా వచ్చిపోతుంటాయి. మీది స్విచ్ వైపే మొగ్గుతోంది, ఒప్పుకుంటా. మొగ్గడం వేరు, కొలిచి తేల్చడం వేరు.

కొలిచే తీరు: కంటిన్యుటీ బీప్ నమ్మొద్దు. మీటర్ పంపేది మిల్లీఆంపుల్లో ఉంటుంది, కాలిన కాంటాక్టు కూడా దానికి బీప్ అంటుంది. లోడు పెట్టి వోల్టేజ్ డ్రాప్, అంటే దారిలో ఎన్ని వోల్టులు తగ్గుతున్నాయో చూడాలి. కప్లర్ స్విచ్‌కి తగిలించే ఉంచి, వెనక వైపు నుంచి సన్నటి పిన్ను దూర్చండి. ఐజీ1 అవుట్‌పుట్ నుంచి ఎర్త్‌కి 21 వాట్ల బల్బు కలిపితే పావుతక్కువ రెండు ఆంపులు పోతుంది, ఆ మాత్రం లోడు చాలు. కీ ఆన్ చేసి, ఇంజన్ నడపకుండా, మీటర్ ఎర్ర పిన్ను స్విచ్ ఇన్‌పుట్ మీద, నల్ల పిన్ను అవుట్‌పుట్ మీద. 0.2 వోల్టుల లోపు ఉంటే స్విచ్ బాగున్నట్టే, అర వోల్టు దాటితే పోయినట్టే. ఆ తర్వాత బ్యాటరీ ప్లస్ నుంచి స్విచ్ ఇన్‌పుట్ దాకా కూడా కొలవండి. డ్రాప్ అక్కడుంటే ఎన్ని స్విచ్‌లు మార్చినా దండగ.

రెండుస్క్రూలు:
ఈ పరీక్ష మంచిదే, కాదనను. కానీ ఇది చెప్పడానికి ఇంతసేపు డ్రిల్లూ దొంగలూ ఎందుకు? మీ మాటల్లో భయపెట్టడమే ఎక్కువ. షాపులో ఈ కొలత ఎవరు కొలుస్తున్నారు? స్విచ్ కాంటాక్టు కాలితే మొత్తం లాక్ సెట్ మార్చి, డోర్లకి ఒక కీ, ఇగ్నిషన్‌కి ఇంకో కీ చేతిలో పెట్టి పంపారు. పాత స్విచ్ చూపించమంటే పారేశామన్నారు. అందుకే ఇంట్లో చేసుకుంటున్నాం.

ఎర్త్‌వైరు:
అది చేసినవాడి తప్పు, నాది కాదు. మా దగ్గరికి వచ్చేది ఇంకో రకం. కవరు స్క్రూలు ప్లాస్టిక్ సంచిలో, విరిగిన క్లిప్పులు సీటు కింద, "స్విచ్ మార్చాను, ఇంకా అలాగే ఉంది" అంటూ. కప్లర్ తీసి చూస్తే ఒక పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగి ఉంటుంది. లోపలి టెర్మినల్ వేడికి పట్టు వదిలేసింది. పట్టు లేని టెర్మినల్‌కి కొత్త స్విచ్ తగిలిస్తే అదీ కాలుతుంది. ఆ కప్లర్ కోసి కొత్తది వేయాలి, అంతే మందం వైరుతో, సరైన క్రింపింగ్ ప్లయర్‌తో. అప్పుడు తిట్లు పడేది విప్పినవాడికి కాదు, ఆఖరుకి చెయ్యి పెట్టినవాడికి.

పాతబండి:
అసలు కాలడానికి కారణం కూడా చూసుకోవాలి అన్నా. ఐజీ వైరు నుంచి నేరుగా ఫాగ్ ల్యాంపులకి లైను లాగి ఉంటుంది. 55 వాట్లవి రెండు వేస్తే 110 వాట్లు, అంటే 9 ఆంపులు అదనం. ఆ లోడుకి రిలే పెడితే స్విచ్ మీద పడేది రిలే కాయిల్ తాగే ఆంపులో ఐదో వంతు కూడా ఉండదు.

మాగ్నెటో:
కీ గుత్తి బరువు కూడా. 2014లో జనరల్ మోటార్స్ కోబాల్ట్ లాంటి కార్లు 26 లక్షల దాకా వెనక్కి పిలిచింది గుర్తుందా? గుత్తి బరువుకో, మోకాలు తగిలో కీ ఆన్ నుంచి ఏసీసీకి జారిపోయేది. ఇంజన్ ఆగి, పవర్ స్టీరింగ్ పోయి, ఎయిర్‌బ్యాగులు పేలేవి కావు. పరిహార నిధి లెక్కలో 124 మరణాలు.

రెండుస్క్రూలు:
చూశారా, అది కంపెనీ అసలు పార్టే. ఇంట్లో ఎవరో బిగించింది కాదు.

ఎర్త్‌వైరు:
అందులో మీరు చూడాల్సింది ఇంకోటుంది. కీని పొజిషన్‌లో పట్టి ఉంచే స్ప్రింగూ, ప్లంజరూ బలహీనం. 2006లో వాటిని మార్చారు, పార్ట్ నంబర్ మాత్రం మార్చలేదు. అదే నంబరుతో కొన్నాళ్లు పాతదీ, ఆ తర్వాత కొత్తదీ. డబ్బా మీద నంబరు కలిసింది కదా అని బిగించేస్తే చాలదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? చేత్తో తిప్పి చూడాలి. ప్రతి పొజిషన్‌లోనూ టక్కున ఆగాలి, స్టార్ట్ నుంచి వదిలితే తనంతట తాను ఆన్‌కి రావాలి.

నిదానమేమేలు:
చూశారా, ఎయిర్‌బ్యాగ్ విషయం మళ్లీ వచ్చింది. నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా.

రెండుస్క్రూలు:
ఎర్త్‌వైరు గారూ, సూటిగా అడుగుతా. స్విచ్ కొలిచి, కప్లర్ చూసి, అదే పొజిషన్‌లో బిగించిన మనిషిని కూడా మీరు వద్దంటారా? లేకపోతే షాపుకి రాని ప్రతివాడూ మీకు తప్పేనా?

ఎర్త్‌వైరు:
వద్దనను. ఆ ప్లాస్టిక్ స్విచ్ వరకు నాకు ఏ పేచీ లేదు. రిలేలు మార్చుకోండి, బల్బులు మార్చుకోండి, ఎవరు కాదన్నారు?

నా పేచీ హౌసింగ్ దగ్గర. ఆ పోత లోపల స్టీరింగ్ షాఫ్ట్‌ని పట్టేసే లాకు కడ్డీ ఉంది. అది వెనక్కి పూర్తిగా రాకపోయినా, హౌసింగ్ అర మిల్లీమీటరు వంకరగా కూర్చున్నా, మలుపులో స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు. ఇంట్లో బిగించి వీధి చివరిదాకా తిప్పి చూస్తే అది బయటపడదు. రేపు ఆ బండి అమ్మేస్తారు. కొన్నవాడికి, వాడి ఎదురుగా వచ్చేవాడికి ఇది ఎవరో ఇంట్లో బిగించారని తెలియదు. స్విచ్ పోతే బండి ఆగుతుంది, మీకే నష్టం. లాకు పడితే ఇంకొకరి ప్రాణం. ఇందాకటి నుంచి నేనంటున్నది ఇదే.

రెండుస్క్రూలు:
ఇందాకటి నుంచి మీరన్నది ఇది కాదు. ఇది మొదటే అని ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

అయినా ఒప్పుకోను. మీ లెక్కన బ్రేక్ ప్యాడ్లూ ఇంట్లో వేసుకోకూడదు.

ఎర్త్‌వైరు:
వేసుకున్నాక ఎవరూ చూడకపోతే, అవును, వేసుకోకూడదు.

రెండుస్క్రూలు:
చూసేవాడు ఏం చూస్తాడో అది మనమూ చూడొచ్చు కదా. ఇంజన్ ఆపి, కీ తీసి, స్టీరింగ్ తిప్పితే లాకు పడాలి. కీ ఏసీసీకి తిప్పితే పూర్తిగా వదలాలి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఎక్కడా తగలకుండా తిరగాలి. ఆన్‌లో ఉండగా కీ లాగితే రాకూడదు. హౌసింగ్ బోల్టులు తల తెగేదాకా బిగించాలి, పాతవి తిరిగి వాడకూడదు. ఇది రాసిపెట్టుకుని చేసేవాడికీ షాపుకీ తేడా ఏంటి?

ఎర్త్‌వైరు:
తేడా ఏంటంటే, తప్పు జరిగితే షాపు పేరు బిల్లు మీద ఉంటుంది. మీరు రాసుకున్న కాగితం మీ జేబులో ఉంటుంది.

సైడ్‌మిర్రర్:
బిల్లు ఇచ్చే షాపుల గురించేనా మాట్లాడుతున్నది 🙂

కొత్తచక్రం:
అందరికీ ధన్యవాదాలు. ఎర్త్‌వైరు గారు చెప్పినట్టు బల్బు కలిపి కొలిచాను. బ్యాటరీ నుంచి ఇన్‌పుట్ దాకా 0.08. స్విచ్ మీద 1.9 వోల్టులు, కీ కదిపితే 0.3కి పడుతోంది, మళ్లీ పెరుగుతోంది. కప్లర్ తీసి చూస్తే ఒక పిన్ను చుట్టూ లేత గోధుమరంగు ఉంది, ప్లాస్టిక్ మెత్తబడలేదు. నా బండిలో స్విచ్ రెండు స్క్రూలదే, హౌసింగ్ కదపక్కర్లేదు. ఐజీ వైరు మీద ఎవరో లాగిన లైను కూడా ఒకటి కనిపించింది, ఎక్కడికి పోతుందో ఇంకా చూడాలి.

ఎర్త్‌వైరు:
1.9 అంటే స్విచ్ పోయినట్టే, మార్చేయండి. ఆ గోధుమరంగు పిన్ను వదలొద్దు. అదే సైజు మగ టెర్మినల్ విడిగా ఒకటి దొరికితే అందులోకి దూర్చి లాగండి. పక్క పిన్నుల్లాగే బిగువుగా వస్తే ఉంచండి, జారుతూ వస్తే కప్లర్ మార్చాల్సిందే. ఆ అదనపు లైను తేలేదాకా తీసేసి టేపు చుట్టండి. కొత్త స్విచ్ పెట్టాక కవరు వేయకముందే, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి బ్యాటరీ కలపండి. కలపగానే సెల్ఫ్ తిరిగితే స్విచ్ పొజిషన్ తప్పినట్టు, వెంటనే టెర్మినల్ లాగేయండి, లేకపోతే సెల్ఫ్ మోటార్ కాలుతుంది.

రెండుస్క్రూలు:
ఆ చివరి మాట నా మొదటి పోస్టులో ఉండాల్సింది, బాగా చెప్పారు. హౌసింగ్ సంగతి మాత్రం నేను వదలను, దానికి వేరే చర్చ మొదలుపెడతా.

నిదానమేమేలు:
బ్యాటరీ తీశాక ఎంతసేపు ఆగుతున్నారు?

కొత్తచక్రం:
మాన్యువల్లో 3 నిమిషాలని ఉందండి. పదీ ఆగుతాను.