బీచ్ రోడ్డు నుంచి పద్మనాభం దాకా సైకిల్ రైడ్: పల్లె బడికి డబ్బు పోగెయ్యాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండో గేరు (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్కారం. రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగం నాది. ఆదివారాలు పొద్దున్నే సైకిళ్ళేసుకుని భీమిలి దాకా వెళ్ళొచ్చే బ్యాచ్ ఒకటుంది మాకు. వెళ్తాం, ఇడ్లీ తింటాం, లైట్‌హౌస్ దగ్గర ఫొటో దిగుతాం, వచ్చేస్తాం. మొన్న మా అపార్ట్‌మెంట్ పెద్దాయన ఒకరు "ఇంత తొక్కుతున్నారు, దానివల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా?" అన్నారు. ఎగతాళికే అన్నారు గానీ మాటా మాటా పెరిగి, పద్మనాభం మండలంలో ఒక ప్రభుత్వ హైస్కూలు కోసం ఛారిటీ రైడ్ చేద్దామనే దాకా వచ్చింది. ఆ స్కూలే ఎందుకంటే, మా బ్యాచ్‌లో ఒకమ్మాయి పదో తరగతి దాకా అక్కడే చదివింది.

అనుకున్నది ఇదీ. ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర మొదలు, బీచ్ రోడ్డు మీదుగా భీమిలి, అక్కణ్ణించి తగరపువలస, హైవే దాటి పద్మనాభం. డిసెంబరులో ఒక ఆదివారం. 40 మంది వస్తారని అంచనా, మనిషికి 800 ఎంట్రీ. అందులోనే టీషర్టు, మెడల్, టిఫిన్. మిగిలిన దాంతో పిల్లలకి బ్యాగులు, నోట్‌బుక్కులు.

తెలియనివి చాలా ఉన్నాయి. పోలీసు పర్మిషన్ ఎలా తీసుకోవాలి? డబ్బు ఎవరి అకౌంట్లో వెయ్యాలి? అమెరికాలో ఉన్న మా కజిన్స్ కూడా పంపుతామంటున్నారు. పైగా వచ్చేవాళ్ళలో సగం మంది 20 కిలోమీటర్లు మించి ఎప్పుడూ తొక్కలేదు. ఇలాంటివి చేసినవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్.

---

సాగర్‌నగర్ బండి

రూటు మంచిదే బ్రో, కాకపోతే మ్యాపులో చూసినంత నున్నగా ఉండదు. తెన్నేటి పార్కు దాటాక ఒక ఎత్తు, రుషికొండ దగ్గర ఇంకోటి, తొట్లకొండ ముందు మళ్ళీ. భీమిలి వచ్చేసరికే పాతిక కిలోమీటర్లు దాటిపోతాయి, పద్మనాభం చేరేసరికి 40 పైనే. అలవాటు లేనివాళ్ళు భీమిలి ముందున్న నేవీ బేస్ ఐఎన్ఎస్ కళింగ దగ్గరికి వచ్చేటప్పటికి మాట్లాడ్డం మానేస్తారు, గమనించు. అందుకని రెండు బ్యాచ్‌లు చెయ్యి. గట్టివాళ్ళు ఆర్కే బీచ్ నుంచి, కొత్తవాళ్ళు, పిల్లలతో వచ్చేవాళ్ళు భీమిలి నుంచి. సైకిళ్ళు భీమిలి దాకా పికప్‌లో పంపించెయ్, మనుషులు 900కె బస్సెక్కి వస్తారు.

బయల్దేరడం ఆరింటికల్లా. చలికాలంలో ఆ టైముకి ఇంకా వెలుగు సరిగా రాదు, కాబట్టి వెనక ఎర్ర లైటు లేని సైకిల్ని లైన్లోకి రానివ్వకు. హెల్మెట్ లేకపోతే ఎంట్రీ ఫీజు వెనక్కిచ్చి పంపెయ్. మొహమాటపడితే తర్వాత ఏడవాలి. తగరపువలస దగ్గర హైవే దాటేచోట మాత్రం అందరూ దిగి, గుంపుగా, నడిపించుకుంటూ దాటండి. అక్కడ టిప్పర్లు మన కోసం ఆగవు.

పోలీసుల సంగతి. నువ్వు రోడ్డు మూయమని అడగట్లేదు, పందెం పెట్టట్లేదు. ఆ రెండు ముక్కలూ ఉత్తరంలో మొదటే రాయి. తేదీ, టైము, రూటు, ఎంతమంది, బాధ్యుల ఫోన్ నంబర్లు రాసి ట్రాఫిక్ వాళ్ళకొకటి, దారిలో ఉన్న ప్రతి స్టేషన్‌కీ ఒకటి ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకో. రెండు వారాల ముందే ఇవ్వు. 'రేస్' అన్న మాట పోస్టర్లో ఎక్కడా కనపడకూడదు, ఆ ఒక్క మాటతో పనులు ఆగిపోతాయి.

---

అల్లూరి అభిమాని99

టీషర్టు రంగు బాగుంటే నేనూ వస్తా 😄

---

కొమ్మాది అక్క

ఆడవాళ్ళు ఎంతమంది వస్తున్నారో చెప్పలేదు. వస్తే బాత్రూమ్ ఎక్కడ? భీమిలి దాటాక రోడ్డు పక్కన ఏమీ ఉండదు. తగరపువలసలో ఏదైనా కల్యాణ మండపం వాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోండి, వాళ్ళు కాదనరు. ఇది సరిచూసుకోకుండా "మహిళలకు ప్రత్యేక ఆహ్వానం" అని పోస్టర్ వెయ్యకండి. అలాంటి రైడ్‌కి ఒకసారి వెళ్ళి నీళ్ళు తాగకుండా తొక్కి, ఎండకి తల తిరిగి వ్యాన్‌లో వచ్చాను.

ఇంకో మాట. తిరుగు ప్రయాణం గురించి ఎవరూ ఆలోచించరు. పద్మనాభం చేరేసరికి తొమ్మిదిన్నర. మళ్ళీ అంత దూరమూ ఎండలో, సముద్రం మీంచి వచ్చే గాలికి ఎదురు తొక్కాలంటే సగం మంది కూలబడతారు. సైకిళ్ళకి రెండు పికప్‌లు, మనుషులకి ఒక బస్సు మాట్లాడండి. ఆ ఖర్చు ముందే లెక్కలో వెయ్యండి.

---

రిటైర్డ్ హెచ్చెమ్

బాబూ, నేను ఆ చుట్టుపక్కల మండలాల్లోనే పంతులుగా చేరి, హెడ్మాస్టరుగా దిగినవాణ్ణి. మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. రూటుంది, టిఫినుంది, మెడలుంది. బడివాళ్ళని అడిగారా అన్నది మాత్రం కనపళ్ళేదు.

బ్యాగులు వద్దు. బ్యాగు, బూట్లు, బెల్టు, యూనిఫారం గుడ్డ, నోటుపుస్తకాలు, ఇవన్నీ ప్రభుత్వం ఏటా కిట్టులో ఇస్తుంది. డిసెంబరులో మీరిచ్చేది రెండో బ్యాగు. ఇంట్లో కందులు పోసి చిలక్కొయ్యకి తగిలిస్తారు. మధ్యాహ్న భోజనం కూడా ఉంది. లేనిది చిల్లర డబ్బు. నీళ్ళ ఫిల్టరు యంత్రం ఎవరో దాత ఇచ్చి ఉంటాడు, పేరు పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది, క్యాండిల్ మార్చే దిక్కుండదు. ఒకప్పుడు ఆడపిల్లలకి ప్రభుత్వమిచ్చిన సైకిళ్ళు ఇప్పటికీ ఆ ఇళ్ళల్లో చూరు కింద తుప్పు పట్టి ఉంటాయి. టైరు, ట్యూబు, బ్రేకు రబ్బర్లు వేస్తే చెల్లెలో తమ్ముడో తొక్కుకుని బడికొస్తాడు. మీరు సైకిళ్ళవాళ్ళు కదా, ఇది మీ కంటికి ఆనాల్సింది!

నన్నడిగితే ఇంకొకటుంది. నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ అని, ఎనిమిదో తరగతిలో రాసే పరీక్ష. ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్ళు, అంటే 48,000 నేరుగా అకౌంట్లో పడతాయి. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 3,50,000 దాటకూడదు, మన పల్లెల్లో అది ఎవరికీ అడ్డు కాదు. రెండు పేపర్లు, ఒక్కోటి 90 మార్కులు. సబ్జెక్టుల పేపరు మా మేష్టర్లు చెప్పగలరు. మెంటల్ ఎబిలిటీ అనే రెండోది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అంకెల వరుసలు, బొమ్మల్లో తేడాలు, అక్షరాలు మార్చి రాసే కోడింగ్ డీకోడింగ్. పట్నంలో ట్యూషన్‌కెళ్ళే పిల్లాడికి అది ఆట, మన పిల్లాడికి పరీక్ష హాల్లోనే మొదటిసారి కనపడుతుంది. తలకో గైడు, పాత ప్రశ్నపత్రాల జిరాక్సులు, శనివారం సాయంత్రాలు ఫోన్‌లోనైనా చెప్పడానికి మీలో నలుగురు. ఐటీ కుర్రాళ్ళు, ఇంటర్వ్యూల కోసం ఈ లెక్కలు చేసీ చేసీ ఉన్నవాళ్ళే కదా. ఇద్దరు పిల్లలు ఎంపికైనా 96,000 ఆ ఊరికి వచ్చినట్టే.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 40 మంది, 800 చొప్పున 32,000. టీషర్టు 250, మెడల్ 120, టిఫిన్ 80 అనుకుంటే తలకి 450, మొత్తం 18,000. పికప్‌లు, బస్సు, బ్యానర్లు తక్కువలో తక్కువ 10,000. బడికి 4,000. ఆ నాలుగు వేలకి 40 మంది తెల్లారగట్ల లేవాలా? టీషర్టు తీసెయ్యండి, మెడల్ తీసెయ్యండి. ఎంట్రీ ఫీజు దారి ఖర్చులకి సరిపోతుంది. బడి డబ్బు వేరే రావాలి. తొక్కే ప్రతి ఒక్కరూ పదిమందిని పట్టుకుని "నేను 45 కిలోమీటర్లు తొక్కుతున్నా, కిలోమీటరుకి 5 రూపాయలివ్వండి" అని అడగాలి. ఒక్కొక్కరి దగ్గర 225. పదిమందికి 2,250. 40 మంది అడిగితే 90,000. అందరూ అడగరు, అడిగినవాళ్ళంతా ఇవ్వరు. సగం వచ్చినా 45,000.

డబ్బు ముట్టుకునే పద్ధతి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ బడికీ యాజమాన్య కమిటీ ఉంటుంది, అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు. ముందు హెడ్మాస్టరుని కలవండి, కమిటీ కూర్చున్న రోజు వెళ్ళి వినండి. ఏం కావాలో వాళ్ళే తీర్మానం రాస్తారు. ఆ కాపీ మీ దగ్గరుంచుకోండి. డబ్బు కమిటీ అకౌంటుకి వెయ్యండి, లేదంటే దుకాణానికి మీరే చెల్లించి, బిల్లు ఇచ్చి, వస్తువుని బడి స్టాకు రిజిస్టర్లో ఎక్కించండి. స్టాకు రిజిస్టర్లో ఎక్కని బీరువా హెడ్మాస్టరు బదిలీ అయిన ఏడాదికి ఎక్కడుంటుందో దేవుడికే తెలియాలి.

ఆదివారం వద్దు. బడి మూసి ఉంటుంది, మీ కోసం పిల్లల్ని పిలిపిస్తారు, గేటు దగ్గర వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తారు. మీరు గంట ఆలస్యంగా వస్తారు. ఎండలో ఆ గంట నిలబడ్డ పిల్లల్ని నేను చూశాను. పనిచేసే శనివారం రండి, రెండో శనివారం కాకుండా. మీకెలాగూ శనివారం సెలవే.

వచ్చాక ఉపన్యాసాలు మీరివ్వకండి, పిల్లల చేత చెప్పించండి. పద్మనాభం యుద్ధం జరిగింది అక్కడే కదా. మచిలీపట్నం వెళ్ళిపొమ్మని ఈస్టిండియా కంపెనీవాళ్ళు హుకుమిస్తే లెక్కచెయ్యక పద్మనాభం వచ్చి నిలబడ్డ విజయనగరం రాజు చిన విజయరామరాజు, 1794 జూలై 10న అక్కడే నేలకొరిగాడు. ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురు ఆ కథ చెప్పి మిమ్మల్ని తిప్పి చూపిస్తే, ఏ మెడలూ అక్కర్లేదు మీకు. కొండెక్కే ఓపికుంటే అనంత పద్మనాభస్వామి మెట్లున్నాయి, వెయ్యి పైచిలుకు. తొక్కి వచ్చిన కాళ్ళతో ఎక్కుతామంటే మీ ఇష్టం.

---

చోడంబలి

బాబూ మాది పద్మనాభం దరే. డిసెంబరంతన్నారు, ఆ టయానికి మాకాడ ఒరి నూర్పులు. కల్లమేటనుకుంతన్నారు, తార్రోడ్డే మాకు కల్లం. గెడ్డి పరిసేసి ఉంటాది, మీ సన్న టైర్లు దాని మీద ఎక్కితే జర్రున జారిపోద్ది. సంకురాత్రి ఎల్లాక రండి. రోడ్డు కాళీ, ఎండ తక్కువ, మంచు కురుస్తాది.

టిపినీలు పట్నం నుంచి మోసుకు రాకండి. బడిలో వంట చేసే ఆడోళ్ళకి ముందు సెప్పి సామాన్లు ఇప్పించి కూలి డబ్బులిస్తే రాగుల చోడంబలి, ఉల్లిపాయ, ఉప్మా బేగి చేసి పెడతారు. ఆల్లకీ నాలుగు రాళ్ళొస్తాయి.

---

ఆడిట్ అప్పారావు

కజిన్స్ విషయం ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా. వాళ్ళ పాస్‌పోర్టు ఏ దేశానిది? ఇండియన్ పాస్‌పోర్టే ఉండి, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్ళకిచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు దాన్ని తీసుకోకూడదు. బడి కమిటీని ఆ గొడవలోకి లాగకండి. "నా అకౌంట్లో వేయించుకుని నేనిస్తా" అనే తెలివితేటలు అసలొద్దు.

నీ ఫోన్‌పే నంబరుకి వసూళ్ళు కూడా వద్దు తమ్ముడూ. నువ్వు నిజాయితీపరుడివే, అయినా మూడో నెలలో ఎవడో ఒకడు లెక్క అడుగుతాడు. వీలైతే ఇచ్చేవాళ్ళు నేరుగా కమిటీ అకౌంటుకే వేసి, స్క్రీన్‌షాట్ మీ గ్రూపులో పెట్టాలి. పన్ను మినహాయింపుకి 80జి రసీదు కావాలని ఎవరైనా పట్టుబడితే, ఆ సర్టిఫికెట్ ఉన్న ట్రస్టు ద్వారా వెళ్ళాలి. 2,000 దాటిన నగదుకి 80జి కింద మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఎలాగూ ఆ మినహాయింపే లేదు. మీ ఆఫీసులో సగం మంది దాంట్లోనే ఉండి ఉంటారు, కనుక్కో.

---

రెండో గేరు

మాస్టారూ, మీ నాలుగు వేల లెక్క మా గ్రూపులో పెట్టాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత టీషర్టులు డిజైన్ చేస్తున్న కుర్రాడే "తీసెయ్ బ్రో" అన్నాడు. మెడల్స్ కూడా ఎగిరిపోయాయి. అభిమాని99 గారూ, సారీ.

ఆ స్కూల్లో చదివిన అమ్మాయి వాళ్ళ హెడ్మాస్టరుగారితో మాట్లాడింది. వచ్చే వారం కమిటీ కూర్చుంటుందట, రమ్మన్నారు. స్కాలర్‌షిప్ పరీక్ష సంగతి హెడ్మాస్టరుగారే ఎత్తారట, ఈసారి రాసేవాళ్ళకి చెప్పడానికి ఎవరూ లేరని. మాలో ముగ్గురం శనివారం సాయంత్రాలకి ఒప్పుకున్నాం. రైడ్‌కి ముందే అది మొదలుపెట్టేస్తాం, దానికి డబ్బుతో పనిలేదు కదా.

రైడ్ మాత్రం సంక్రాంతి సెలవులయ్యాక, జనవరి ఆఖరి శనివారం. రిపబ్లిక్ డే హడావుడికి తగలకుండా చూసుకుంటాం. కొత్తవాళ్ళు భీమిలి నుంచే. కొమ్మాది అక్కా, తగరపువలసలో మండపం మాట్లాడే పని మీకే అప్పగించొచ్చా? కజిన్స్‌లో ఇద్దరిది ఇండియన్ పాస్‌పోర్టే, మూడోవాడికి సారీ చెప్పాను.

పాత సైకిళ్ళ పనికి ఒక మెకానిక్ కావాలి. మా సైకిళ్ళ షాపువాళ్ళు గేర్ల బండ్లు తప్ప ముట్టుకోమంటున్నారు.

---

చోడంబలి

మెకానిక్కేటి బాబూ, మా ఊర్లో సైకిలు కొట్టు ముసలాయన ఉన్నాడు. టైర్లు, ట్యూబులు మీరు తెచ్చిస్తే రోజుకి ఆరేడు బళ్ళు లేపేస్తాడు. ఆడపిల్లల బళ్ళకేసే సైజువి తెండి. మీ బళ్ళ సన్న మూతి వాల్వుకి ఆడి పంపు పట్టదు, మీ పంపు మీరే తెచ్చుకోవాల.

---

సాగర్‌నగర్ బండి

పంపు నా దగ్గరుంది, రెండు రకాల వాల్వులకీ పడుతుంది. కమిటీ మీటింగ్ ఏ రోజో ఇక్కడ వెయ్యి, నేనూ వస్తా. ఆ రోజే తగరపువలస నుంచి పద్మనాభం దాకా రోడ్డు చూసి, గుంతలున్న చోట్లు రాసుకొచ్చేద్దాం.