అమ్మ సంవత్సరీకానికి చలివేంద్రం పెడుతున్నాం, చివరిదాకా నడవాలంటే ఎట్ట?

కలిగిరి_క్రాస్

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో మా అమ్మ సంవత్సరీకం. భోజనాలు ఇంటివరకే పెట్టుకొని, మిగతా డబ్బుతో ఆమె పేరు మీద వేసవంతా చలివేంద్రం నడపాలని తోబుట్టువులం ముగ్గురం అనుకున్నాం. చోటు కలిగిరి నుంచి వింజమూరు పొయ్యే దారిలో ఒక క్రాస్‌రోడ్డు. బస్సులు, షేర్ ఆటోలు ఆగుతాయి. ఉపాధి పనులకు పొయ్యేవాళ్ళు కూడా ఆ దారినే నడుస్తారు. రోజుకు మూడు నాలుగు వందలమంది ఉంటారు. ఏప్రిల్ 1 నుంచి జూన్ 10 దాకా, అంటే 71 రోజులు. చేతిలో 60 వేలు ఉంది. ఊళ్ళో ఉండేది మాలో ఒక్కరే.

కుండలు ఎన్ని కావాలి? మా వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఉంది గదా, నీళ్ళు ఎక్కడివి పొయ్యాలి? మజ్జిగ రోజూ ఇయ్యాలా? బోర్డు మీద ఏం రాస్తే బాగుంటుంది? ఉగాదికి కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగిన చలివేంద్రాల్లో నెల తిరక్కముందే కుండలు బోర్లించి ఉంటాయి. అమ్మ పేరు అట్ట ఎండలో పడి ఉండకూడదు, అదే మా భయం.

మెట్ట_సేద్యం

ముందు మనిషిని మాట్లాడుకోండి, కుండల సంగతి తర్వాత. చలివేంద్రాలు ఆగిపొయ్యేది నీళ్ళు లేక కాదు, పోసే మనిషి లేక. మొదటి వారం ఇంటివాళ్ళు కూర్చుంటారు, రెండో వారం ఎవరో ఒకరు వచ్చి పోతుంటారు, మూడో వారం నుంచి కుండకు గ్లాసు కట్టేసి వదిలేస్తారు. అక్కడితో సరి. ఎవరి చెయ్యి పడితే వాళ్ళ చెయ్యి కుండలో మునుగుతుంది, ఆడవాళ్ళు ఆ నీళ్ళు తాగరు, ఇంకో వారానికి ఎవురూ తాగరు.

ఒకే మనిషిని 71 రోజులు వడగాలిలో కూర్చోబెట్టడం న్యాయం కాదు, కుదరదు కూడా. ఇద్దరిని పెట్టుకోండి, రోజు మార్చి రోజు. పొద్దున 8 నుంచి సాయంత్రం 5.30 దాకా. కూలి వారానికోసారి చేతిలో పెట్టండి, ఆఖర్లో ఇస్తామనొద్దు. మధ్యాన్నం అన్నానికి లేచే గంటసేపు ఎవరు చూసేదీ ముందే అనుకోండి. సరిగ్గా ఆ 1 నుంచి 2 మధ్యనే జనం ఎక్కువ ఆగుతారు.

లెక్క ఇట్ట వేసుకోవచ్చు, ధరలు మీ ఊరిని బట్టి సర్దుకోండి. మనిషికి రోజుకు 300 అయితే 71 రోజులకు 21,300. నీళ్ళు శుద్ధిచేసే ఆర్వో ప్లాంటునుంచి రోజుకు పది క్యాన్లు, క్యాను 10 చొప్పున 7,100. క్యాన్లు తెచ్చే ఆటోకు రోజుకు 150 అనుకుంటే 10,650. కుండలు డజను, 3,600. పందిరికి 6,000. వారానికొక రోజు మజ్జిగ, పది వారాలకు పెరుగు ఖర్చు 5,600. మొత్తం 54,250. మిగిలిన 5,750 మూతలకు, గ్లాసులకు, బోర్డుకు, పగిలే కుండలకు. చూడండి, ఖర్చులో పెద్ద ముక్క మనిషిదే. ప్రారంభం రోజు షామియానా, మైకు పెట్టారంటే ఆ డబ్బు మే నెల కూలిలోనుంచే పోతుంది.

ఇంకొకటి. ఆటో అబ్బాయి పెళ్ళికో జాతరకో పోతే ఆ రోజు కుండలు ఎండిపోతాయి. రెండో ఆటో నంబరు, రెండో ప్లాంటు పేరు ఒక అట్టమీద రాసి పందిరికి కట్టండి. కరెంటు పోతే ప్లాంటు కూడా ఆగుతుంది. అందుకని ఒక రోజుకు సరిపడా క్యాన్లు ఎప్పుడూ నిలవ ఉండాల.

కుమ్మరసారె

కుండల సంగతి నేను చెప్తా అన్నా. పది క్యాన్లంటే 200 లీటర్లు. మూడు నాలుగు వందలమందికి మనిషికి రెండు గ్లాసులు, గ్లాసు 200 మిల్లీలీటర్లు అనుకుంటే 120 నుంచి 160 లీటర్లు తాగుతారు. మిగతాది కడిగేదానికీ, కుండ చెమర్చి పొయ్యేదానికీ.

25 లీటర్లు పట్టే కుండలు చెప్పండి, 20 లీటర్ల క్యాను ఒకటి ఒలక్కుండా పడుతుంది. పందిట్లో ఎనిమిది, ఎండలో ఆరేదానికి నాలుగు, మొత్తం పన్నెండు. రోజూ రెండు కుండలు దించి, లోపల కొబ్బరిపీచుతో ఉత్త నీళ్ళతో రుద్ది, బోర్లించి ఎండబెట్టి, ఆరినవి రెండు ఎక్కించండి. నాలుగు రోజులకు పందిట్లో ఉండే ఎనిమిదీ ఒక చుట్టు తిరుగుతాయి. సబ్బు, సర్ఫు వద్దే వద్దు. మట్టి పీల్చుకొని వారంపాటు నీళ్ళలోకి వదుల్తుంది.

నీళ్ళు పోసేది సాయంత్రం. ఎనిమిదీ నింపి, గుడ్డ కట్టి, మూత పెట్టి, పైన రాయి పెట్టండి. పొద్దునకు చల్లగా ఉంటాయి. పొద్దున ముందు ఖాళీ అయిన రెండు కుండలను పది గంటలలోపు మళ్ళీ నింపితే మూడింటికి తాగేదానికి వస్తాయి. అప్పుడే పోసిన కుండలోంచి ముంచి ఇస్తే గోరువెచ్చగా ఉంటాయి, "పేరుకే చలివేంద్రం" అంటారు. కొత్త కుండలు రెండు రాత్రులు నీళ్ళు పోసి పారబోస్తే మట్టివాసన తగ్గుతుంది.

కుండ చల్లబడేది ఒళ్ళంతా చెమర్చి, ఆ చెమ్మ గాలికి ఆరితేనే. దీన్ని మర్చిపోయి చేసే తప్పులు మూడు. మొదటిది, కుండమీద ఎనామిల్ పెయింటుతో "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని రాయించడం, ఇంకా ముచ్చటపడి చుట్టూ రంగు వేయించడం. పెయింటు పడినంత మేర కుండ ఊపిరి మూసుకుపోతుంది. రంగు పూసిన కుండ, పూయని కుండ పక్కపక్కన పెట్టి మధ్యాన్నం అరచెయ్యి ఆనించండి. ఒకటి పొడిగా, వెచ్చగా ఉంటుంది. రెండోది తడిగా జిల్లుమంటుంది. అమ్మ పేరు బోర్డుమీద రాయండి, కుండమీద వద్దు. రెండోది, పందిరికి నాలుగు వైపులా పరదాలు కట్టడం. ఎండ పడే పడమర ఒక్కటే మూసి, మిగతా మూడు వైపులా గాలి ఆడనివ్వాల. మూడోది, రేకుల కప్పు. తాటాకు గానీ కొబ్బరి మట్టలు గానీ వేయండి. రేకు వేడెక్కి కిందికి సెగ కొడుతుంది.

కుండల కింద నాలుగు అంగుళాల ఇసక పోసి రోజూ తడపండి, చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి. మీది మెట్ట, గాలి పొడి, కాబట్టి కుండ బాగా చల్లబడుతుంది. కావలి, అల్లూరు వైపు గాలిలో తేమ ఎక్కువ, అక్కడ ఇదే కుండ అంత చల్లగా ఉండదు. ఉప్పునీళ్ళు పోస్తే రెండు మూడు వారాలకు కుండ బయట తెల్లగా పొక్కు కడుతుంది. అంటే రంధ్రాలు పూడిపోతున్నాయని. పీచుతో రుద్దండి, అప్పటికీ చెమర్చకపోతే ఆ కుండ మొక్కలకు ఇచ్చేయండి.

నీటిపరీక్ష

ఫ్లోరైడ్ గురించి గట్టిగా ఒక మాట. కుండలో పోస్తే పోదు, కాచినా పోదు. కాచితే నీళ్ళు ఇగిరి లీటరుకు ఇంకా పెరుగుతుంది. బ్లీచింగ్ వేసినా పోదు. అది రాతిలోనుంచి వస్తుంది, అందుకే పక్కపక్క బోర్లలో కూడా తేడా ఉంటుంది. "ఆ బోరు తియ్యటి నీళ్ళు" అన్నారని నమ్మొద్దు. ఫ్లోరైడ్‌కు రుచి, రంగు, వాసన ఏవీ లేవు.

చాలామంది చేతిలో టీడీఎస్ మీటరు పట్టుకొని "120 చూపించింది, బ్రహ్మాండం" అంటారు. అది కరిగిన లవణాల మొత్తం చెప్తుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాల. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా, అది దాటితే తాగేదానికి పనికిరాదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి, గాజుది వద్దు. బోరు పది నిమిషాలు వదిలి, అదే నీళ్ళతో సీసా మూడుసార్లు తొలిచి, నింపి, ఊరు, బోరు, తేదీ రాసి ఇవ్వండి. మార్చిలో ఒకసారి, మే మొదట్లో ఇంకోసారి. నీటిమట్టం దిగేకొద్దీ అంకె మారొచ్చు.

ప్లాంటు నీళ్ళయితే ప్లాంటు బయటికిచ్చే నీళ్ళనే పరీక్షించండి. మెంబ్రేన్, అంటే నీళ్ళు వడకట్టే పొర, పాతబడితే ఫ్లోరైడ్ జారుతుంది. ఆర్వో నీళ్ళలో క్లోరిన్ ఉండదు, అందుకని కుండలో ఒక్క చెయ్యి మునిగినా క్రిములు తొందరగా పెరుగుతాయి. ఆరోగ్య ఉపకేంద్రంలో క్లోరిన్ బిళ్ళలు అడగండి. ఎన్ని లీటర్లకు ఒకటో అట్టమీద చూసి, నీళ్ళు పోసేటప్పుడే వేసి, అరగంట ఆగి ఇవ్వండి. సాయంత్రం కుండలు నింపేముందు వాటిలో మిగిలిన పాత నీళ్ళు మళ్ళీ జనానికి పోయొద్దు, పశువుల తొట్టిలో పోయండి.

కలిగిరి_క్రాస్

పెయింటు సంగతి చెప్పి మేలు చేశారన్నా, పన్నెండు కుండలకూ అమ్మ పేరు రాయించేదానికి ఆర్టిస్టును మాట్లాడేశాం. ఇప్పుడే ఫోన్ చేసి వద్దన్నా. మజ్జిగ గురించి కూడా ఎవరన్నా చెప్పండి. వడదెబ్బ తగిలినవాళ్ళు వస్తే ఏం చెయ్యాలి?

ఉదయగిరి_దుర్గం

మజ్జిగ రోజూ వద్దండి. వారానికొక రోజు, సంతరోజు గానీ అమ్మగారు పోయిన వారం గానీ పెట్టుకోండి. రోజూ పెట్టి పది రోజులకు ఆపితే, మజ్జిగ లేదని జనం నీళ్ళకు కూడా ఆగరు.

40 లీటర్ల మజ్జిగకు 8 లీటర్ల పెరుగు, 32 లీటర్ల నీళ్ళు. 200 గ్లాసులు వస్తాయి. ఉప్పు 120 గ్రాములు చాలు, బీపీ వాళ్ళు కూడా తాగుతారు గదా. అల్లం 200 గ్రాములు దంచి, కరివేపాకు నలిపి వేయండి. పచ్చిమిరపకాయలు తగ్గించండి, పిల్లలు తాగలేరు. పెరుగు తెల్లవారి తోడుకున్నదై ఉండాల, రాత్రిదైతే పదకొండుకే పులుస్తుంది. ఒకేసారి కలపొద్దు. పదింటికి సగం, పన్నెండున్నరకు సగం. మధ్యాన్నం రెండు దాటాక మిగిలితే ఇచ్చేయడమే గానీ సాయంత్రానికి దాచొద్దు. ఐసు దిమ్మలు వెయ్యొద్దు, చాలాచోట్ల అవి తాగే నీళ్ళతో చేసినవి కావు.

ఓఆర్ఎస్ పొట్లాలు యాభై తెచ్చి డబ్బాలో పెట్టండి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్ళలోనే కలపాల. గ్లాసు నీళ్ళలో పొట్లమంతా వేస్తే ఉప్పు ఎక్కువై హాని. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. పొట్లాలు లేనప్పుడు లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలగొట్టి కొలవాల.

కళ్ళు తిరిగి, చెమటపట్టి వచ్చినవాళ్ళను నీడలో పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుమీద పెట్టి కొంచెం కొంచెంగా తాగించండి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. 108కు ఫోన్ చేసి, వచ్చేలోపు ఒళ్ళంతా తడిపి విసరండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కూర్చునే మనుషులిద్దరికీ ఇది ముందే నేర్పండి. 2015 మే ఎండలకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు, పక్క ప్రకాశం జిల్లా బాగా దెబ్బతింది. పోయినవాళ్ళలో కూలీలు, ముసలివాళ్ళే ఎక్కువ. మీ క్రాస్‌రోడ్డులో ఆగేది వాళ్ళే.

పెన్న_ఒడ్డు

బోర్డు చిన్నది పెట్టండి, మూడడుగులు రెండడుగులు, రేకుమీద రాయించింది. ఫ్లెక్సీ ఎండకు నెలలో వెలిసి చినుగుతుంది, మొదట చినిగేది ఫొటోలో మొహమే. చూసేదానికి మనసొప్పదు. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, ఊరు, కింద "పొద్దున 8 నుంచి సాయంత్రం 5.30 దాకా, జూన్ 10 వరకు" అని రాయండి. టైము రాస్తే మాట ఇచ్చినట్టు, మీకూ కట్టుబాటు. నాయకుల ఫొటోలు వేస్తే సగం ఊరు దూరం జరుగుతుంది.

గ్లాసుల విషయంలో ఖచ్చితంగా ఉండండి. స్టీలు గ్లాసులు ఇరవై, అన్నీ ఒకటే రకం, అందరికీ అవే. రెండు రకాల గ్లాసులు, కొందరికి దూరంనుంచి పొయ్యడం అనే పాత జాడ్యం మీ పందిట్లో కనపడకూడదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, అది పందిట్లో కనపడేది గ్లాసు దగ్గరే. కూర్చునే ఇద్దరిలో ఒకరు కాలనీ వైపు వాళ్ళయితే ఇంకా మంచిది. దోసిలి పట్టేవాళ్ళకు పొడుగు కాడ గరిటెతో పోయండి, కులం చూసి కాకుండా వాళ్ళు అడిగితేనే. ఉదయగిరి కొయ్య గరిటెలు అందంగా ఉంటాయి గానీ రోజంతా తడిలో ఉంటే బూజు పడతాయి, దీనికి స్టీలుదే మేలు. పేపరు గ్లాసులు పెడితే సాయంత్రానికి పక్క చేలల్లో అవే.

మీ అమ్మగారి తిథి ఏప్రిల్ అన్నారు గదా. వైశాఖంలో అక్షయ తృతీయకు పితృదేవతల పేరిట ఉదకుంభ దానం మనకు ఉన్నదే, నిండు కుండ ఇస్తారు. శ్రీరామనవమికి పానకం పోస్తారు, పీర్ల పండక్కి కర్బలాలో దాహంతో పోయినవాళ్ళను తలుచుకొని షర్బతు పోస్తారు. పోయినవాళ్ళ పేరు చెప్పి నీళ్ళు పొయ్యడం మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే. కాబట్టి ఊరిని కూడా కలుపుకోండి. 71 గడుల పుస్తకం ఒకటి పెట్టి, ఆ రోజు క్యాన్ల ఖర్చు పెట్టుకునేవాళ్ళు తమ ఇంట్లో పోయినవాళ్ళ పేరు ఆ గడిలో రాయొచ్చని చెప్పండి. ముప్పై గడులు నిండినా 3,000 మిగులుతుంది, ఊరికి మీ పందిరి తమది అవుతుంది.

మెట్ట_సేద్యం

రెండు మర్చిపోయా. పంచాయతీ కార్యదర్శికి కాగితం ఇచ్చి సంతకం తీసుకోండి. పందిరి తారురోడ్డు అంచునుంచి పదిహేను అడుగులన్నా లోపలికి ఉండాల, మలుపులో వద్దు, పైన కరెంటు తీగలు చూసుకోండి. తాటాకు, నిప్పు జాగ్రత్త. బీడీ కాల్చేవాళ్ళకు దూరంగా ఒక బల్ల వేయండి.

పక్కన సిమెంటు తొట్టి ఒకటి. గ్లాసులు కడిగిన నీళ్ళు, సాయంత్రం కుండల్లో మిగిలినవి అందులో పడితే గొర్రెలు, బర్రెలు తాగుతాయి. వారానికొకసారి పూర్తిగా ఖాళీచేసి తోమి ఎండబెట్టండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

కలిగిరి_క్రాస్

అందరి మాటా రాసుకున్నా. కాలనీనుంచి ఒకామెను, మా వీధినుంచి ఒక పెద్దాయన్ను మాట్లాడాం, రోజు మార్చి రోజు. షామియానా మానేశాం. బోర్డు రాసే ఆర్టిస్టే పుస్తకానికి గడులు కూడా గీసిస్తానన్నాడు. మొదటి గడిలో అమ్మ పేరు రాసి, మిగతావి ఖాళీగా పెడుతున్నాం. ల్యాబ్‌కు సీసా సోమవారం పోతుంది, అంకె రాగానే ఇక్కడే పెడతా.