మైకుసెట్టు కాలం నాటి రికార్డు అట్టలు: స్కానింగు, భద్రత

ప్రశ్న (నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట)

మా నాన్నగారు పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ మైకుసెట్టు అద్దెకిచ్చేవారు. ఆయన రికార్డుల్లో నూట అరవై ఈపీలు (చిన్న రికార్డులు), నలభై దాకా ఎల్‌పీలు (పెద్ద రికార్డులు) మిగిలాయి. పాటలు ఎక్కడైనా దొరుకుతాయి గనుక వాటి గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా అట్టల గురించే. 2021 నవంబరులో పెన్నా వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు కింది అరలో ఉన్నవి తడిసి, బూజు పట్టి, కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయాయి. మిగిలినవాటినైనా స్కాన్ చేద్దామంటే, నా దగ్గరున్న ఏ4 స్కానరులో ఎల్‌పీ అట్ట పట్టడం లేదు. మరొక సందేహం: చాలా అట్టల మీద మా షాపు రబ్బరు స్టాంపు, నాన్నగారు పెన్సిలుతో వేసిన నంబర్లు ఉన్నాయి. వాటిని కంప్యూటరులో చెరిపేస్తే బొమ్మ బాగుంటుందని మా అబ్బాయి అంటున్నాడు. చెరపవచ్చునా?

జవాబు (ఒంగోలు)

ఈపీ అట్ట సుమారు 18 సెంటీమీటర్ల చదరం కాబట్టి మీ స్కానరు చాలు. ఎల్‌పీ అట్ట 31 సెంటీమీటర్లు దాటుతుంది. ఏ3 స్కానరు కొన్నా దాని వెడల్పు 29.7 సెంటీమీటర్లే, అప్పుడూ రెండు ముక్కలుగా తీసి అతకాల్సిందే. ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం. ఎల్‌పీలను కెమెరాతో తీయండి. అట్టను నేల మీద పరచి, కెమెరాను సరిగ్గా పైన బిగించి, ఒకే రకం బల్బులు రెండింటిని కుడి ఎడమల నుంచి 45 డిగ్రీల వాలులో పెట్టి, గదిలోని ట్యూబులైటు, కెమెరా ఫ్లాషు రెండూ ఆపేయండి. కెమెరా నిటారుగా ఉందో లేదో చూడటానికి అట్ట మధ్యలో చిన్న అద్దం పెట్టండి. అందులో లెన్సు ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము నడుమ కనబడితే కోణం కుదిరినట్టే. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాతో అట్ట ఫ్రేము నిండా వస్తే, అంగుళానికి 300 చుక్కలకు పైనే దక్కుతాయి.

ఈపీలను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేయండి. ఈ అట్టల బొమ్మలు సన్నని రంగు చుక్కలతో అచ్చయినవి. తక్కువ డీపీఐలో తీస్తే ఆ చుక్కలకూ స్కానరు గడులకూ పొత్తు కుదరక అలల్లాంటి చారలు వస్తాయి. టిఫ్‌ ఫైలుగా (నాణ్యత తగ్గకుండా బొమ్మను దాచే రకం) దాస్తే ఒక్కో వైపు 55 ఎంబీ వరకు, నూట అరవై ఈపీలకు రెండు వైపులా కలిపి 18 జీబీ లోపే అవుతుంది. వెనక వైపును వదిలేయకండి. పాటల జాబితా, గాయకుల పేర్లు తరచుగా అక్కడే ఉంటాయి.

ఇక స్టాంపు సంగతి. మూల ఫైలులో చుక్క కూడా చెరపవద్దండీ. ఆ బొమ్మ మరెవరి ఇంట్లోనైనా దొరకవచ్చు, ఆ పెన్సిలు నంబరు దొరకదు. అబ్బాయి ముచ్చట తీర్చాలంటే నకలు మీద చేయనివ్వండి.

జవాబు (కావలి)

స్కానింగు కంటే ముందు బూజు సంగతి చూడండి. ఎండ కాసే పొడి రోజున, ఆరుబయట నీడలో, మాస్కు కట్టుకుని మెత్తని కుంచెతో దులపండి. తడిగుడ్డ మాత్రం వద్దు. అంటుకున్న అట్టలను లాగితే మెరుపు పూతతో పాటు బొమ్మా ఊడి వస్తుంది, కాబట్టి వాటిని అలాగే ఉంచి, పైకి కనిపించే వైపు మాత్రం ఫోటో తీయండి. చిరుగులకు సెల్లోటేపు వేయకండి. దాని జిగురు కొన్నేళ్ళకు పసుపు మరకగా మిగులుతుంది.

దాచేటప్పుడు పీవీసీ కవర్లు కాకుండా పాలిస్టరు లేదా పాలిప్రొపిలీన్ కవర్లు వాడి, నిలువుగా పేర్చండి. రికార్డు పళ్ళేన్ని అట్టలోంచి తీసి వేరే కాగితపు సంచిలో పెట్టి అట్ట వెనక ఉంచితే, అట్ట మీద గుండ్రని ఒరిపిడి గుర్తు పడదు. మన వైపు ఆశ్వయుజ, కార్తీక వానలకు గోడలు చెమర్చుతాయి గనుక బీరువాను బయటి గోడకు ఆనించకండి. కలరా ఉండలు కూడా వేయవద్దు.

జవాబు (ఒంగోలు)

ఒక మాట మరిచాను. సొంత వాడకానికి స్కాన్ చేసుకోవడానికి 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ అవకాశమిస్తుంది. అట్టలన్నీ నెట్‌లో పెట్టడం వేరే సంగతి. పేరు లేకుండా వెలువడిన బొమ్మకు సైతం ప్రచురణ నాటి నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. అందుకని ఫైలు పేరులో రికార్డు నంబరుతో పాటు, అట్ట మీద ఉంటే, సంవత్సరమూ రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆదివారం పన్నెండు ఈపీలు పూర్తి చేశాను. స్కాన్‌ను పెద్దది చేసి చూస్తే, స్టాంపు కింద వెలిసిపోయిన పెన్సిలు గీతల్లో «అద్దెకు, అల్లూరు» అని చదవగలిగాను. ఫైలు పేర్లలో నాన్నగారి నంబరునే ముందు పెడుతున్నాను.