ఫొటో కింద వాక్యం: ‘అందజేస్తున్న నాయకులు’లో మనిషి ఎక్కడ?

పత్రికలో ఫొటోల కింద రాసే వాక్యాల గురించి ఒక బృందంలో నలుగురి చర్చ ఇది.

చీపురుపల్లి సభ్యురాలు: విజయనగరంలో ఉపకరణాల పంపిణీ ఫొటో. కింద రాసింది: ‘దివ్యాంగులకు ట్రైసైకిళ్లు అందజేస్తున్న నాయకులు’. ‘వికలాంగులకు’ అని మార్చాలా?

టెక్కలి సభ్యుడు: ‘కల’ అంటే భాగం. భాగం లోపిస్తే వికలం, అన్నీ ఉంటే సకలం. ‘సకలాంగులకు దీటుగా’ అనే జత అలా పుట్టిందే. ‘దివ్యాంగ్’ 2015 డిసెంబరు మన్ కీ బాత్‌లో ప్రధాని వాడాక హిందీ నుంచి ఇటొచ్చింది. బహువ్రీహి సమాసం: దివ్యమైన అంగాలు గలవాడు. పోలియో కాలికి దివ్యత్వం ఏటండీ? వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దాని ఇంగ్లీషు పాఠంలో (‘పర్సన్స్ విత్ డిజెబిలిటీస్’) ముందు మనిషి, తర్వాత వైకల్యం. ‘వైకల్యం ఉన్నవారు’ చాలు.

గజపతినగరం సభ్యుడు: పేరు మార్చినా వాక్యం బాగుపడదు మాస్టారూ. ‘అందజేస్తున్న’ అనే విశేషణం వెళ్లి నాయకులకు అతుక్కుంది. సైకిలెక్కిన మనిషి ‘కు’ విభక్తిలో మూలకు పోయాడు. కెమెరా కూడా అదే చేసింది చూడండి. నిలబడి ఉన్నవాళ్ల ఎత్తున, 24 ఎం.ఎం. వైడ్ లెన్సుతో దగ్గర్నుంచి తీశారు. ముందు చక్రం పెద్దదైపోయింది, ముఖం చిన్నదై, తల పైకెత్తి చూస్తున్నట్టు వచ్చింది. మోకాళ్ల మీద కూచుని లెన్సును నేలకి 110–120 సెం.మీ. ఎత్తున, అంటే కూర్చున్నవాళ్ల కంటి మట్టంలో పెట్టి, రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి 50 లేదా 85 ఎం.ఎం. లెన్సుతో తీస్తే నాయకుల తలలు తెగుతాయి. తెగనీండి! కానీ చేతిపెడలు, దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం తెగకూడదు. అవి తెగితే బండి నడిపే మనిషి కాస్తా బండిలో కూచోబెట్టిన మనిషి అయిపోతాడు.

పలాస సభ్యురాలు: చూపు లేనివారి తెల్లకర్రకీ అంతే. కింది కొన ఫ్రేములోంచి పోతే అది ముసలాయన చేతికర్ర. చూపు లేనివారికి క్లిక్కుకి ముందే నోటితో చెప్పాలి. సైగభాష మాట్లాడేవాళ్లను 1/60 సెకను షట్టరుతో తీస్తే వేళ్లు మసకబారతాయి, 1/500 పెట్టండి. వేళ్లతోపాటు ముఖం మీదా వెలుగుండాలి, సైగలో సగం ముఖానిదే.

ఇక ‘చక్రాల కుర్చీకే పరిమితమైన’ అని రాసేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. ఆ కుర్చీ లేకపోతే పరిమితమయ్యేది మంచానికి కదా! ‘చక్రాల కుర్చీలో వచ్చిన’ అంటే సరిపోతుంది. ‘బాధపడుతున్న’, ‘బాధితుడు’ లాంటి మాటలు మానమని సుప్రీంకోర్టు 2024 జూలైలో దృశ్యమాధ్యమాల గురించిన తీర్పులో చెప్పింది.

టెక్కలి సభ్యుడు: మరి ‘అంధుడు’, ‘బధిరుడు’?

పలాస సభ్యురాలు: తిట్టు కాదు గానీ సర్కారీ కాగితం వాసన. ‘చూపు లేని’, ‘వినపడని’ అని రాయండి. అదీ ఫొటోలో ఆ సంగతి అవసరమైతేనే. అరసవల్లి గుడి దగ్గర పువ్వులమ్మే ఆవిడ ఫొటోకి ‘పువ్వులమ్ముతున్న’ అంటే చాలు, కాలి సంగతి దేనికి?

చీపురుపల్లి సభ్యురాలు: అయితే ఇలా మార్చాను: ‘కొత్త ట్రైసైకిల్ చేతిపెడలు తిప్పి చూస్తున్న ______’. ఖాళీలో బండి మీదున్న ఆవిడ పేరు రావాలి. ఫొటోగ్రాఫరు పంపిన చీటీలో నాయకుల పేర్లు నాలుగూ ఉన్నాయి, ఆవిడది లేదు.

గజపతినగరం సభ్యుడు: శిబిరం రిజిస్టర్లో సంతకం ఉంటుంది. పేరు దొరికాక అక్కడే ఆగిపోకండి, ఫొటో వేస్తున్నామని ఆవిడకి ఫోన్ చేసి చెప్పి, సరేనంటేనే వెయ్యండి.