డెల్టా రోడ్ల మీద పికప్: లోడుతో ఎంత ఇస్తోంది, ఖాళీగా ఎంత? మీ లెక్కలు చెప్పండి

కొబ్బరి బండి, అంబాజీపేట

నమస్కారమండీ. నాది మహీంద్రా బొలెరో పికప్, 1.7 టన్నులది. అంబాజీపేట నుంచి కొత్తపేట, రావులపాలెం మీదుగా రాజమండ్రికి వారానికి నాలుగైదు సార్లు కొబ్బరికాయ తోలతాను. ఒలిచిన కాయ రెండున్నర వేలు ఎక్కిస్తే 1,400 కిలోల దగ్గర తూగుతుంది. కిరాయి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఒకటే టెన్షన్. ఎక్కువ చెబితే లోడు ఇంకో బండికి పోతుంది, తక్కువ చెబితే డీజిలుకే సరిపోతుంది.

అందుకని రెండు నెలలుగా పుస్తకంలో రాసుకుంటున్నాను. పోయేటప్పుడు లోడుతో లీటరుకి 11.3 కిలోమీటర్లు, ఖాళీగా వచ్చేటప్పుడు 14.2. దూరం సుమారు 60 కిలోమీటర్లు కాబట్టి పోవడానికి 5.3 లీటర్లు, రావడానికి 4.2. లోడు దింపేశాక సగం డీజిలుతో ఇంటికి వచ్చేస్తానని ఇన్నాళ్లూ అనుకునేవాణ్ని. కిరాయి కూడా ఆ లెక్కనే చెప్పాను. తేడా లీటరు పైచిలుకే అని తెలిశాక మనసు కుదురుగా లేదు.

మీ బండ్ల సంగతి చెప్పండి. ఏ బండి, ఏ రోడ్డు, ఎంత బరువు, ఎలా కొలిచారు, అన్నీ రాయండి. ఊరికే "పదహారు ఇస్తుంది" అంటే కిరాయి కట్టడానికి పనికి రాదండి.

గెలల దోస్త్, రావులపాలెం

అన్నా, ముందు ఒక మాట. పోయేదీ వచ్చేదీ విడివిడిగా ఎలా కొలిచారు? రెండు చోట్లా ట్యాంకు నింపారా?

కొబ్బరి బండి, అంబాజీపేట

అవును తమ్ముడూ. ఇక్కడ పొద్దున్నే ఫుల్ ట్యాంక్, కాయ దింపాక రాజమండ్రిలో మళ్లీ ఫుల్, ఇంటికొచ్చాక మళ్లీ ఫుల్. ప్రతిసారీ అవే పంపులు. గన్ను మొదటిసారి దానంతటది కట్ అవగానే ఆపించేస్తాను, ఆ తర్వాత ఒక్క చుక్క కూడా పోయించను. ఒక్క ట్రిప్పు లెక్క నమ్మలేదు, ఇరవై ట్రిప్పుల మొత్తం తీసి భాగించాను.

గెలల దోస్త్, రావులపాలెం

అయితే మీ లెక్క నమ్మొచ్చు. నాది అశోక్ లేలాండ్ దోస్త్. రావులపాలెం మార్కెట్ నుంచి అరటి గెలలు వైజాగ్ తోలతాను, దాదాపు మొత్తం 16వ నంబరు జాతీయ రహదారే. మేత బస్తాలు వేసినప్పుడు 14.6 ఇచ్చింది. అంతే బరువు గెలలు వేస్తే 12.5. ఆరు నెలలు ఇది నాకు అర్థం కాలేదు, ఇంజను చూపించాను, ఫిల్టర్లు మార్పించాను. తేడా ఎక్కడుందంటే, బస్తాలు డాలా (వెనక లోడు వేసే తొట్టి) లోపలే ఉంటాయి, గెలలు క్యాబిన్ మీదకి రెండడుగులు లేస్తాయి. పైన బరకం వదులుగా కడితే గాలికి ఉబ్బి తెరచాపలాగా వెనక్కి లాగుతుంది. తాడు అడ్డంగా ఇంకో రెండు వరసలు బిగించి కట్టిన రోజు 13.2 చూశాను.

ఇంకోటి. ఖాళీగా వచ్చేటప్పుడు అరవై, అరవై అయిదులో వస్తే 17.5. త్వరగా ఇల్లు చేరాలని 85 మీద తొక్కిన రోజు 14.8. అంటే ఖాళీ బండి, మేత బస్తాల బండి ఒకేలా తాగాయి.

పాలిటెక్నిక్ మాస్టారు, కాకినాడ

మీరిద్దరూ రాసినవి చూసి కాగితం మీద లెక్క వేశాను. ఇష్టమైన విషయం కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మంచి తారు రోడ్డు మీద టైర్లలో గాలి సరిగా ఉన్న బండిని కదిలిస్తూ ఉండాలంటే టన్నుకి సుమారు పది కిలోల లాగుడు కావాలి. అంబాజీపేట అన్నగారి 1,400 కిలోల కాయకి అదనంగా పడేది 14 కిలోల లాగుడు మాత్రమే. మరి గాలి? పికప్ ముఖం ఎంత వెడల్పు, ఎంత ఎత్తో చూసుకుని వేస్తే, గంటకు 60 మీద గాలి 36 కిలోల బలంతో వెనక్కి నెడుతుంది. 80 మీద అదే 63 కిలోలు అవుతుంది. వేగం మూడో వంతు పెరిగితే గాలి దెబ్బ దాదాపు ఎనభై శాతం పెరుగుతుంది. బండిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుందేమో గానీ సంగతి మారదు: 60 నుంచి 80కి వెళ్లడం, పద్నాలుగు వందల కిలోల కాయ ఎక్కించడం కంటే రెట్టింపు భారం.

మన డెల్టాలో లోడు తేడా ఇంత తక్కువగా కనిపించడానికి కారణం నేల. ఎక్కుడు లేదు. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కేటప్పుడు ఇంజను గుర్రుమంటుంది కదా అని అడుగుతారు. మూడు టన్నుల బండిని పది మీటర్లు ఎక్కించడానికి పట్టే డీజిలు ముప్పై మిల్లీలీటర్ల లోపే. అందులో కొంత దిగేటప్పుడు తిరిగి వస్తుంది.

అసలు లోడు బయటపడేది స్పీడ్ బ్రేకర్ దగ్గర. యాభైలో పోతున్న మూడు టన్నుల బండిని బ్రేకు వేసి ఆపి మళ్లీ యాభైకి తెస్తే, ఆ వంతెన ఎక్కినంత డీజిలు పోతుంది. దిగేటప్పుడు వచ్చినట్టు అది తిరిగి రాదు, బ్రేకు లైనర్లలో వేడిగా పోతుంది. ఖాళీ బండికైతే అందులో సగానికి కాస్త ఎక్కువ. మీ దారిలో ఊరూరా, బడి బడికీ కలిపి ముప్పై సార్లు ఆగుతారనుకోండి. మీ పుస్తకంలో ఉన్న లీటరు పైచిలుకు తేడాలో ముప్పావు లీటరు టైర్లకి, మిగతాది ఈ ఆగడాలకి సరిపోయింది. ఇంత దగ్గరగా కలుస్తుందని నేనూ అనుకోలేదు. పుస్తకం రాయడం మానకండి.

మండపేట ట్రాక్టర్

మాకు కిలోమీటరు లెక్క పనికి రాదు సార్. ధాన్యం ట్రక్కు తగిలించి మిల్లుకి తోలితే గంటకు నాలుగు లీటర్ల లెక్కన పోతుంది. మిల్లు దగ్గర వరసలో ఇంజను ఆపకుండా నిలబడితే అదీ కలుస్తుంది. మా కుర్రాళ్లకి ఎంత చెప్పినా ఆపరు.

మొక్కల బండి, కడియం

మా లోడు సంగతి వేరండి. కడియపులంక నర్సరీ నుంచి మొక్కలు తోలతాను, టాటా ఇంట్రా వి30. మొక్కలు తేలికని అందరూ అనుకుంటారు. మట్టి సంచులవి, పైగా ఎక్కించే ముందు నిండా నీళ్లు పెడతారు. ఒకసారి నీళ్లు పెట్టకముందు, పెట్టాక రెండుసార్లు కాటా వేయించాను. 160 కిలోలు తేడా! ఆ నీళ్లు దారిలో కారిపోయేవే. ఇప్పుడు ముందు రోజు సాయంత్రం పెట్టించి, దారిలో ఒక్కసారి చల్లిస్తున్నాను. మొక్కలకీ అదే మంచిది.

మాస్టారు నేల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కణ్నుంచి భీమవరం వైపు పోతే లోడుతో 14 తగ్గదు. అదే లోడు భద్రాచలం వైపు పోవాలంటే రంపచోడవరం దాటాక మారేడుమిల్లి ఘాటు ఉంది. చింతూరు దాకా ఆ ముక్క విడిగా కొలిస్తే 8.5 వచ్చింది. ఖాళీగా అదే ఘాటులో 13. తేడా చూడండి. ఘాటు లోడు వస్తే కిరాయి వేరే చెప్పాలి, ఇక్కడి లెక్క అక్కడ పెడితే మునిగిపోతాం.

చెరువుల కుర్రాడు, ఆకివీడు

ఇక్కడ ఎవరూ పికప్ వెనక ట్రాలీ లాగడం గురించి రాయలేదు కాబట్టి నాది రాస్తున్నాను. మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి, ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్ వాడతాం. కరెంటు పోతే ఏరేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగకూడదు, గంట ఆగినా రొయ్య పైకి తేలుతుంది. అందుకే రెండు చక్రాల ట్రాలీ మీద జనరేటరు బిగించి, ఏ చెరువు దగ్గర అవసరమైతే అక్కడికి లాగుతాం. ట్రాలీతో కలిపి 900 కిలోలు.

ఖాళీ బండి 13.5. డాలాలో 600 కిలోల మేత వేస్తే 12.6. ట్రాలీ లాగితే 9.8. బరువు మూడు వందల కిలోలే ఎక్కువ, మైలేజీ మాత్రం అంత పడిపోయింది. మొదట కొలత తప్పనుకుని నాలుగు సార్లు చూశాను. అదే వచ్చింది.

పాలిటెక్నిక్ మాస్టారు, కాకినాడ

తమ్ముడూ, ట్రాలీ టైర్లు చిన్నవా? గాలి ఎప్పుడు చూశారు? చిన్న చక్రం గతుకులో ఎక్కువ దిగుతుంది, చెరువు గట్టు మెత్తటి మట్టిలో లాగుడు తారు రోడ్డు కంటే అయిదారు రెట్లు కూడా ఉండొచ్చు. పైగా జనరేటరు డబ్బా బండి వెనక విడిగా ఉంటుంది కాబట్టి గాలి దానికి మళ్లీ కొత్తగా తగులుతుంది. డాలాలో వేసిన బరువుకి ఆ బాధ లేదు.

చెరువుల కుర్రాడు, ఆకివీడు

గాలి చూశాను సార్. ఒక టైరులో ఉండాల్సినదాంట్లో సగమే ఉంది. ట్రాలీ నెలల తరబడి గట్టు మీదే నిలబడి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రెండూ నింపించి నిన్న ఉండి దాకా లాగితే 10.7 వచ్చింది. బేరింగులకి గ్రీసు కూడా పెట్టిస్తున్నాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ట్రాలీలో జనరేటరు కాస్త వెనక్కి బిగిస్తే హుక్కు దగ్గర బరువు తేలిపోయి, నలభై దాటగానే తోక ఊపుతుంది. కాలువ గట్టు మీద అలా ఊగితే బండి, ట్రాలీ రెండూ నీళ్లలోనే. మేం ఇరుసుకి కాస్త ముందుకి జరిపించాక కుదురుగా వస్తోంది. మైలేజీ కంటే ముందు అది చూసుకోండి.

తాటిపాక కుర్రాడు

మా మావయ్య 1.7 టన్నుల పికప్‌లో రెండున్నర టన్నులు వేస్తాడు. మైలేజీ 9.5 ఇస్తుంది. టన్ను లెక్కన చూస్తే అదే లాభం కదండీ?

గెలల దోస్త్, రావులపాలెం

డీజిలు ఒక్కటే చూస్తే లాభమే. కానీ ఓవర్‌లోడుకి చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకి ఇంకో 2,000. దానికి తోడు కమాను పట్టీలు, వెనక టైర్లు, బ్రేకు లైనర్లు. నేను రెండేళ్ల కిందట అలాగే వేసేవాణ్ని. ఒక వర్షంలో సిద్ధాంతం వంతెన దిగుతుంటే బ్రేకు తొక్కినా బండి ఆగకుండా ముందు బస్సు దాకా జారుకుంటూ పోయింది. తగల్లేదు, దేవుడి దయ. ఆ రోజు నుంచి కాటా చీటీ చూడకుండా బండి తీయను. మీ మావయ్యకి చెప్పండి తమ్ముడూ.

ఏస్ బాబాయ్, ముమ్మిడివరం

నాది పాత టాటా ఏస్, రెండు సిలిండర్ల డీజిలుది. కూరగాయలతో 17, ఖాళీగా 20. చిన్న ఇంజను కాబట్టి అరవై దాటించను, దాటదు కూడా. మైలేజీ గురించి అందరూ చెప్పారు, నేను డీజిలు ధర గురించి చెబుతాను. యానాం పుదుచ్చేరిది కాబట్టి అక్కడ పన్ను తక్కువ, లీటరు మీద కొంత మిగులుతుంది. ఎదురులంక వంతెన దాటి కాకినాడ పోయే లోడు ఉంటే ట్యాంకు అక్కడే నింపుకోండి. డీజిలు కోసమే పనిగట్టుకుని పోతే మాత్రం లాభం లేదు. మా ఊరి నుంచి పోయి రావడానికే లీటరున్నర పైన ఖర్చు, గంట పని పోతుంది.

పొట్టి ట్రిప్పుల పికప్, భీమవరం

మాది బీఎస్6 బండి, అంటే కొత్త పొగ నిబంధనల ప్రకారం వచ్చింది. రొయ్యల ట్రేలు చెరువు నుంచి ప్లాంటుకి, రోజంతా ఎనిమిది, పది కిలోమీటర్ల ట్రిప్పులే. ఇంజను వేడెక్కేలోపు ఆపేస్తాం. సైలెన్సరులో మసి ఫిల్టరు నిండి, దాన్ని కాల్చుకోవడానికి బండి అదనంగా డీజిలు తీసుకుంటుంది. మెకానిక్ చెప్పాక వారానికి ఒకసారి ఏలూరు లోడు ఒప్పుకుంటున్నాను, ఆగకుండా అరగంట పైన నడిస్తే శుభ్రమైపోతుంది. 10.1 ఇచ్చేది ఇప్పుడు 11 దాటింది. ఖాళీ ట్రేలు కూడా ఎత్తుగా పేర్చకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చి పెడుతున్నాం. దోస్త్ అన్న గెలల గురించి రాసింది చదివాకే ఆ ఆలోచన వచ్చింది.

కొబ్బరి బండి, అంబాజీపేట

అందరికీ దండాలు. పది రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే చెప్పినవన్నీ చేసి చూశాను.

మాస్టారు చెప్పినట్టు స్పీడ్ బ్రేకర్ కనపడగానే యాక్సిలరేటరు మీద కాలు తీసేసి, బండిని దానంతటదే తగ్గనిచ్చాను. కొత్తపేట దాకా బ్రేకు సగం కూడా తొక్కలేదు. వెనక టైర్లలో గాలి డోరు దగ్గర రాసినంత పెట్టించాను. లోడుతో 12.0 వచ్చింది. ఖాళీగా వచ్చేటప్పుడు వేమగిరి నుంచి రావులపాలెం దాకా ఇదివరకు 80 మీద తోలేవాణ్ని, ఇప్పుడు 60 దాటలేదు. 15.3 వచ్చింది. ఎనిమిది, పది నిమిషాలు ఆలస్యమైంది, అంతే.

రానూ పోనూ 9.5 లీటర్లు అయ్యేది 8.9 అయింది. నెలకి పద్దెనిమిది ట్రిప్పులు వేసుకుంటే దాదాపు పదకొండు లీటర్లు. మా పాప ట్యూషన్ ఫీజు అందులోంచే వస్తుంది.

కిరాయి కూడా ఇక నుంచి రెండు వైపులా కలిపే చెబుతున్నాను. రాజమండ్రికి తొమ్మిదిన్నర లీటర్ల డీజిలు పట్టుకుని, దాని మీద నా కూలి, టైర్ల అరుగుదల కలుపుతున్నాను. పుస్తకం తెరిచి చూపిస్తే ఇద్దరు షావుకార్లు బేరం ఆడకుండా ఒప్పుకున్నారు. రాజమండ్రి నుంచి ఇటు వచ్చే లోడు ఏదైనా, సగం కిరాయికైనా సరే, ఉంటే చెప్పండి. ఆ లోడు వేసుకున్నా లీటరు మించి ఎక్కువ తాగదని ఇప్పుడు తెలిసింది కదా.

మొక్కల బండి, కడియం

అన్నా, అమలాపురం వైపు కుండీలు, మొక్కలు వారానికి రెండుసార్లు పంపిస్తాం. టన్ను లోపే ఉంటుంది. మీరు కాయ దింపాక కడియం వచ్చి ఎక్కించుకోగలరా?

కొబ్బరి బండి, అంబాజీపేట

తప్పకుండా వస్తానండీ. నీళ్లు మాత్రం ముందు రోజు సాయంత్రమే పెట్టించండి. శనివారం నాకు పాలకొల్లు లోడు ఉంది, చించినాడ వంతెన మీదుగా. సోమవారం నుంచి మీ మొక్కలు వేసుకుంటాను. ఆ రెండు రోడ్ల లెక్కలు వచ్చాక ఇక్కడే రాస్తాను.