బాత్‌టబ్ డ్రైన్‌లో గుడగుడ: కొలంబస్‌కి కొత్తగా వచ్చాం, ఏం చెయ్యాలి?

సత్యనారాయణపురం, ఇప్పుడు కొలంబస్:

అందరికీ నమస్కారమండీ. దసరా వెళ్ళాక ఒహాయో వచ్చాం. బెజవాడ-గుంటూరు గ్రూపులో ఇదే నా మొదటి పోస్టు. మాది మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో అన్నిటికన్నా కింది ఫ్లాటు. సమస్య చెప్పుకోవడానికి చిన్నదే గానీ రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. బాత్‌టబ్ డ్రైన్‌లోంచి గుడగుడమని శబ్దం వస్తోంది. ఒక్కోసారి మేం నీళ్ళు వాడకపోయినా వస్తుంది. మా బాబు ఆ బాత్రూమ్‌లోకి వెళ్ళనని మారాం చేస్తున్నాడు.

మా ఆయనేమో "చలికి పైపులు అలాగే అరుస్తాయి, వదిలెయ్" అంటారు. అమ్మ విజయవాడ నుంచి ఫోన్లో "ఓ సీసా యాసిడ్ పొయ్యవే, అదే పోతుంది" అంటోంది. ప్లంబర్‌ని పిలిస్తే గడప తొక్కినందుకే వంద డాలర్ల పైన అడుగుతారని పక్కవాళ్ళు చెప్పారు. అపార్ట్‌మెంట్ ఆఫీసులో చెబితే మేం కట్టిన డిపాజిట్‌లో కోసేస్తారేమోనని ఇంకో టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

పటమట, ఇప్పుడు డాలస్:

యాసిడ్ మాట మర్చిపోండి చెల్లెమ్మా. మన దగ్గర గచ్చు కడిగే యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్. ఇక్కడ టబ్ తోమడానికి బ్లీచ్ వాడతారు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. కిటికీ కూడా ఉండని ఈ బాత్రూముల్లో అది ప్రాణం మీదకి తెస్తుంది. షాపులో దొరికే డ్రైన్ క్లీనర్ కూడా ఇప్పుడప్పుడే పొయ్యొద్దు. అడ్డు తొలగకపోతే ఆ కాస్టిక్ నీళ్ళు పైపులోనే నిలబడి, తర్వాత ప్లంజర్ (కర్రకి రబ్బరు కప్పు) కొట్టేవాడి మొహాన చిందుతాయి.

అమ్మగారికి మాత్రం పోశామని చెప్పెయ్యండి, రోజూ అడగకుండా ఉంటారు.

కొత్తపేట గుంటూరు, ఇప్పుడు నేపర్‌విల్:

ముందు ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆదివారం ఆదివారం తలంటు పోసుకుంటున్నారా? కొబ్బరినూనె పట్టించి?

అయితే సగం కథ అక్కడే ఉంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గుంటూరులో సంక్రాంతి చలికి సీసాలో గడ్డకడితే ఎండలో పెట్టి కరిగించుకుంటాం, మిగతా ఏడాదంతా నీళ్ళలాగే ఉంటుంది. అక్కడ డ్రైన్‌లోకి పోయిన నూనె పోయినట్టే. ఇక్కడ వేడి షవర్‌తో కరిగి దిగుతుంది, చల్లటి పైపు తగలగానే మళ్ళీ బిగుసుకుంటుంది. దాని మీద జుట్టు, జుట్టు మీద సబ్బు, సబ్బు మీద కుంకుడు పిప్పి, నలుగుపిండి. ఉగాది నాటికి పైపులో వేలు పట్టేంత సందే మిగులుతుంది.

చెయ్యాల్సింది కష్టమేం కాదు. డ్రైన్ మీది స్టాపర్, అంటే నీళ్ళాపే మూత, తియ్యాలి. కొన్ని ఎడమవైపు తిప్పితే ఊడొస్తాయి. కొన్నిటికి పైన నాబ్ తిప్పి తీస్తే కింద చిన్న స్క్రూ ఉంటుంది. రాకపోతే బలవంతం చెయ్యొద్దు, ఇరుగుతుంది. హార్డ్‌వేర్ షాపులో పక్కలకి ముళ్ళున్న పొడుగాటి ప్లాస్టిక్ పట్టీ రెండు మూడు డాలర్లకి దొరుకుతుంది. అది నెమ్మదిగా లోపలికి దించి, కొంచెం తిప్పి, పైకి లాగు. చేతులకి గ్లవ్స్ వేసుకో, భోజనానికి ముందు మాత్రం పెట్టుకోకు. నల్లగా, జిగురుగా, జడంత వస్తుంది. తర్వాత డ్రైన్ మీద జుట్టు పట్టే జాలీ ఒకటి పెట్టు. తలకి నూనె పెట్టుకున్న రోజు షవర్‌కి వెళ్ళే ముందు పేపర్ టవల్‌తో జుట్టు ఒత్తి తుడుచుకో. నూనె మానెయ్యమని నేను చెప్పను, అది మన వల్ల అయ్యే పని కాదు.

సత్యనారాయణపురం, ఇప్పుడు కొలంబస్:

అక్కా, నూనె సంగతి ఎలా కనిపెట్టారో గానీ నిజమే. పట్టీతో లాగితే మీరు చెప్పిందంతా వచ్చింది. షవర్ చేస్తుంటే చీలమండల దాకా నిలిచే నీళ్ళు ఇప్పుడు నిలవడం లేదు. కానీ గుడగుడ పోలేదు. ఫ్లష్ నొక్కితే టబ్‌లో వస్తోంది. రాత్రి పదకొండు దాటాక, మేం పడుకున్నాక కూడా వస్తోంది. ఒక్కోసారి కుళ్ళిన కోడిగుడ్డు వాసన. వంటింటి సింక్ మాత్రం బాగానే ఉంది.

బ్రాడీపేట, ఇప్పుడూ బ్రాడీపేటే:

అమ్మాయ్, నేను పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్‌లో చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి సిన్సినాటిలో ఉండటం వల్ల ఈ గ్రూపులో చేరాను. నువ్వు ఇప్పుడు రాసిన నాలుగు ముక్కలూ మొదటే రాసి ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి. డ్రైన్ శబ్దానికి మందు కనుక్కోవాలంటే అది ఎవరి నీళ్ళకి వస్తోందో చూడాలి. వాష్ బేసిన్‌లో నీళ్ళు వదిలితే బేసినే గుర్రుమందనుకో, అడ్డు అక్కడే ఉంది. నీ ఫ్లష్‌కి టబ్ గుడగుడమంటే ఆ రెండూ కలిసే పైపులో ఉంది. నువ్వు ఏమీ వాడకుండా వస్తే అది పైవాళ్ళ నీళ్ళు, అంటే బిల్డింగ్ మొత్తానికీ ఉండే నిలువు పైపు సంగతి. నీకు రెండోదీ, మూడోదీ కూడా ఉన్నాయి.

టబ్ కింద పైపు యు ఆకారంలో వంగి ఉంటుంది, దాన్ని ట్రాప్ అంటారు. ఆ వంపులో అమెరికా లెక్కన 2 నుంచి 4 అంగుళాల నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. డ్రైనేజీ వాసనా, పురుగూ ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. మన బాత్రూమ్ గచ్చులో జాలీ కింద ఉండే నహానీ ట్రాప్ చేసే పనీ అదే. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల మేస్త్రి ఇలాంటి వంపు పైపుకి పేటెంట్ తీసుకున్నాడు, అప్పట్నుంచీ సూత్రం మారలేదు.

గుడగుడ అంటే ఆ నీళ్ళలోంచి గాలి దూరి పోవడం. సన్నమూతి బిందెని ఒక్కసారిగా వంచితే నీళ్ళు గుడగుడమంటూ వస్తాయి గదా, బయటికి పోయే నీళ్ళ చోటులోకి గాలి రావాలి, దానికి వేరే దారి లేదు. పైపులోనూ అంతే. ఆ గాలి కోసమే నిలువు పైపుని ఇంటి కప్పు దాటించి ఆకాశంలోకి తెరిచి ఉంచుతారు, వెంట్ అంటారు. అది మూసుకుపోయినా, కింద పైపు సగం పూడినా, దిగే నీళ్ళు గాలి కోసం నీ టబ్ ట్రాప్‌ని పీలుస్తాయి. లేదా ఇరుక్కున్న గాలి నీ ట్రాప్‌లోంచి పైకి తన్నుకొస్తుంది. పీలిస్తే ట్రాప్‌లో నీళ్ళు తగ్గిపోతాయి, అప్పుడు వాసన. నువ్వు చెప్పిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే డ్రైనేజీ గ్యాస్‌ది. ప్రస్తుతానికి పడుకునే ముందు టబ్‌లో రెండు మగ్గుల నీళ్ళు పొయ్యి, వాసన ఆగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు వెయ్యి.

మీ ఆయన చలి అన్నాడు చూడు, అందులో కొంత నిజం లేకపోలేదు. గడ్డకట్టే చలిలో డ్రైన్‌లోంచి పైకి పోయే తేమ వెంట్ మూతి దగ్గర మంచుగా పేరుకుని, ఒక్కోసారి మూతినే మూసేస్తుంది. ఎండిన ఆకులు, పిట్ట గూళ్ళు కూడా మామూలే. కానీ అడ్డు వెంట్‌లో ఉంటే పై ఫ్లాట్లలోనూ శబ్దం రావాలి. మెట్ల దగ్గర కనిపించినప్పుడు పైవాళ్ళని ఒక మాట అడుగు. వాళ్ళకి లేదంటే అడ్డు మీ కిందే ఉందన్నమాట.

రాత్రి పదకొండు అన్నావు. పైవాళ్ళు ఆ టైముకి వాషింగ్ మెషీన్ వేస్తారేమో గమనించు. డిటర్జెంట్ నురగ నిలువు పైపు అడుగున, అది అడ్డంగా తిరిగే వంపు దగ్గర పోగుపడుతుంది. అప్పుడు దెబ్బ తగిలేది అన్నిటికన్నా కింది ఫ్లాటుకే. టబ్‌లోకి నురగో మురికినీళ్ళో పైకి వచ్చాయంటే ఇక మెసేజీలు పెడుతూ కూర్చోవద్దు. మీ ఇంట్లో నీళ్ళు వాడటం ఆపి, ఎంత రాత్రైనా అపార్ట్‌మెంట్ ఆఫీసు ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చెయ్యి. పైవాళ్ళకీ కబురు చెయ్యి, వాళ్ళు ఫ్లష్ నొక్కిన ప్రతిసారీ వచ్చి పడేది మీ మీదే.

లబ్బీపేట, ఇప్పుడు ఎడిసన్:

బాబాయ్‌గారు చెప్పాక పైపుల గురించి నేను చెప్పేదేం లేదు. ఆఫీసు సంగతి చెబుతా.

మీరు అద్దెకున్నారు. నిలువు పైపు మీ సొత్తు కాదు, దాని బాగోగులు మీ ఖర్చూ కాదు. ఒహాయో చట్టంలో 5321.04 సెక్షన్ ప్రకారం ప్లంబింగ్ పనిచేసే స్థితిలో ఉంచాల్సింది ఇంటి యజమాని. సొంతంగా ప్లంబర్‌ని పిలిచి బిల్లు వాళ్ళకి పంపితే వాళ్ళు ఇవ్వరు, ఆ పని చెయ్యొద్దు. కప్పు ఎక్కి వెంట్ చూద్దామని మీ ఆయనకి ఉత్సాహం వస్తే ఆపండి, మంచు కప్పు మీద కాలు జారితే ఆసుపత్రి బిల్లు ముందు ప్లంబర్ బిల్లు ఏ మూలకీ రాదు.

మనవాళ్ళు ఆఫీసుకెళ్ళి నవ్వుతూ నోటితో చెప్పి వచ్చేస్తారు. కౌంటర్‌లో అమ్మాయి కూడా నవ్వుతూ సరే అంటుంది. అక్కడితో సరి, ఎక్కడా రికార్డు ఉండదు. మా పాత అపార్ట్‌మెంట్‌లో నోటిమాటతో నెలలు గడిచాయి, వాళ్ళ ఆన్‌లైన్ పోర్టల్‌లో రాసిన మర్నాడే మనిషి వచ్చాడు. కాబట్టి వర్క్ ఆర్డర్, అంటే రిపేరు కావాలని రాసిన అర్జీ, పెట్టండి. "డ్రైన్ సౌండ్" అని ఒక ముక్క రాస్తే ఎవరో వచ్చి టబ్‌లో కాసిని నీళ్ళు పోసి, పోతున్నాయి గదా అని వెళ్ళిపోతారు. టాయిలెట్ ఫ్లష్ చేస్తే టబ్ డ్రైన్ గుడగుడమంటోంది, మేము నీళ్ళు వాడనప్పుడు కూడా రాత్రి పదకొండు తర్వాత వస్తోంది, డ్రైనేజీ గ్యాస్ వాసన ఉంది, టబ్‌లో జుట్టు మేమే తీశాం, అయినా తగ్గలేదు అని రాయండి. ఫోన్లో వీడియో తీసి జత చెయ్యండి. వాసన మాట తప్పకుండా ఉండాలి, శబ్దం ఒక్కటే అయితే తాత్సారం చేస్తారు. వాళ్ళు మీ ఇంట్లోకి రావాలంటే మామూలుగా 24 గంటల ముందు మీకు చెప్పాలి, ఎమర్జెన్సీ అయితే తప్ప.

డిపాజిట్ భయం ఒక్క విషయంలో నిజం. అడ్డు మీ ఇంటి పైపులోనే ఉండి, అందులోంచి బేబీ వైప్స్ బయటపడితే బిల్లు మీదే. ప్యాకెట్ మీద ఫ్లష్ చెయ్యొచ్చని రాసి ఉన్నా చెత్తబుట్టలోనే వెయ్యండి.

అడగని సలహా ఇంకోటి: ఇక్కడ బాత్రూమ్ నేలకి చాలావరకు డ్రైన్ ఉండదు. శుక్రవారం శుక్రవారం బకెట్టు నీళ్ళు కొట్టి కడిగే అలవాటు కట్టిపెట్టండి. మీకు కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయారు గానీ, పై ఫ్లాటైతే కింది వాళ్ళ సీలింగ్ ఊడేది. షవర్ కర్టెన్ అంచు కూడా టబ్ లోపలికే ఉండాలి.

సత్యనారాయణపురం, ఇప్పుడు కొలంబస్:

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే రాసి వీడియో పెట్టాను. మెయింటెనెన్స్ అతను వచ్చి మా ఇంట్లో అసలు ముట్టుకోలేదు, బిల్డింగ్ వెనక గోడకి ఉన్న పైపు మూత విప్పి స్నేక్ అనే, అడ్డు తీసే పొడుగాటి తీగ దించాడు. వైప్స్, గ్రీజు కలిసిన ముద్ద వచ్చింది, పేరు ఎవరిదీ పెట్టలేదు. పై ఫ్లాట్లలో శబ్దం లేదన్నారు, బాబాయ్‌గారి లెక్క సరిపోయింది. గుడగుడ పోయింది, వాసనా లేదు. వేడినీళ్ళతో షవర్ చేశాక గోడలో టిక్ టిక్‌మని కాసేపు వస్తోంది, అదేమిటో?

బ్రాడీపేట, ఇప్పుడూ బ్రాడీపేటే:

అది ప్లాస్టిక్ పైపు వేడికి సాగి, చల్లారుతూ మళ్ళీ ముడుచుకుంటూ చెక్కకి రాసుకునే చప్పుడు. దాన్ని పట్టించుకోకు.

సత్యనారాయణపురం, ఇప్పుడు కొలంబస్:

బాబాయ్‌గారూ, ఇంకొక్కటి. ఇదంతా అమ్మకి చెబితే, మన ఇంట్లోనూ రెండు వారాలుగా బాత్రూమ్ జాలీలోంచి అలాగే వస్తోందంటోంది. మాది సెప్టిక్ ట్యాంకు. యాసిడ్ పోసిందట, తగ్గలేదట.

బ్రాడీపేట, ఇప్పుడూ బ్రాడీపేటే:

యాసిడ్ పోస్తే ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, ఇక పొయ్యొద్దని చెప్పు. మొదట ట్యాంకు గాలి గొట్టం చూడమను. దోమలు రాకుండా దాని మూతికి ఏదో పాత గుడ్డ కట్టే ఉంటారు, దుమ్ము పట్టి గాలి ఆడదు. గుడ్డ విప్పేసి సన్నటి నైలాన్ మెష్ కట్టమను. అప్పటికీ శబ్దం తగ్గకపోతే ట్యాంకు నిండి ఉండొచ్చు, ఖాళీ చేసే బండిని పిలిపించుకోవాలి. మూత తెరిచినప్పుడు ఎవర్నీ లోపలికి దిగనివ్వొద్దు, తల పెట్టి తొంగి చూడనివ్వొద్దు. ఆ గ్యాస్ మనిషిని నిలబడ్డచోటే పడేస్తుంది.

సత్యనారాయణపురం, ఇప్పుడు కొలంబస్:

ఇప్పుడే ఫోన్ చేశాను. గుడ్డే కట్టారట, నాన్నది పాత పంచె.